ట్రాసిమెనో సరస్సు చుట్టూ ఆరు రోజుల నడక: ఒడ్డున కంటే కొండ మీదే బాగుంది

మాది కైకలూరు దగ్గర పల్లె. కొల్లేరు చూస్తూ పెరిగాను. మా అబ్బాయి మిలాన్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు. కిందటిసారి వెళ్ళినప్పుడు వాడు "అమ్మా, ఈసారి రోమ్, వెనిస్ వద్దు, ఒక సరస్సు చుట్టూ నడుద్దాం" అంటే నేను అడిగిన మొదటి మాట "లోతెంత నాన్నా?" అని. ఆరు మీటర్లు దాటదన్నాడు. దాదాపు 128 చదరపు కిలోమీటర్ల నీళ్ళు, ఇటలీలో నాలుగో పెద్ద సరస్సు, లోతు మాత్రం అంతే. అయితే అది మన కొల్లేరుకి చుట్టమే అనిపించి ఒప్పుకున్నాను. మా ఆయనకి మోకాలు కొంచెం ఇబ్బంది, అయినా రోజూ పొద్దున గంటసేపు నడిచే అలవాటు ఉంది కాబట్టి సరే అన్నారు.

ఈ సరస్సు ఉంబ్రియాలో ఉంది, ఫ్లోరెన్స్‌కీ రోమ్‌కీ మధ్యలో, రెండు వైపుల నుంచీ రైలు ఉంది. చుట్టూ తిరగడానికి చాలా దారులున్నాయి. నీళ్ళ పక్కనే సైకిల్ బాట పట్టుకుని చదునుగా తిరిగేయొచ్చు, లేదా కొండల మీద ఊళ్ళని కలుపుకుంటూ ఎక్కుతూ దిగుతూ నడవొచ్చు. ఎవరైనా అడిగితే నేను రెండోదే చెబుతాను, కారణం కింద రాస్తాను. మేము వెళ్ళిన వరుస ఇది: చిత్తా దెల్లా పియేవె, పచానో, పనికాలె, అక్కణ్ణుంచి కిందికి దిగి కస్తిల్యోనె దెల్ లాగో, పడవలో ఈజొలా మజ్జోరె అనే దీవి, అవతలి ఒడ్డున తువోరో, పసిన్యానో, మళ్ళీ పైకి కస్తెల్ రిగోనె, చివరికి సాన్ ఫెలిచానో. రోజుకి పన్నెండు నుంచి పద్దెనిమిది కిలోమీటర్లు పడింది మా ఫోన్ లెక్కలో. మే మొదటి వారంలో వెళ్ళాం. గోధుమ చేలు ఇంకా పచ్చగా ఉన్నాయి, గట్ల మీద ఎర్ర గసగసాల పూలు. జూలై, ఆగస్టుల్లో అయితే మాత్రం వద్దు, నీడ లేని చోట్లు చాలా ఉన్నాయి.

గదులు, సామాను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేర్చడం ఒక ఏజెన్సీకి అప్పగించాం. పేరు రాయను. గదులు శుభ్రంగా ఉన్నాయి, పొద్దుటి టిఫిన్ బాగానే పెట్టారు, అంతవరకూ మెచ్చుకోవాలి. కానీ నడక మొదలుపెట్టిన రోజే సామాను రాత్రి ఏడున్నర దాటాక గానీ రాలేదు, అందులో మా ఆయన బీపీ మాత్రలున్నాయి. ఫోన్ చేస్తే "దారిలో ఉంది" అని ఒకటే మాట. ఆ రెండు గంటలు నేను పడ్డ టెన్షన్ ఇంకెవరూ పడకూడదని రాస్తున్నాను: మాత్రలు, పాస్‌పోర్టు, ఒక జత బట్టలు ఎప్పుడూ భుజాన వేసుకునే సంచిలోనే పెట్టుకోండి. ఇంకోటి, వాళ్ళిచ్చిన కాగితాల్లో దారి వివరాలు పాతవి. ఒకచోట కుడికి తిరగమని రాసి ఉన్న తోటకి ఇప్పుడు కంచె ఉంది. చెట్ల మీద, రాళ్ళ మీద ఎరుపు తెలుపు పట్టీలు వేసి ఉంటాయి, వాటినే నమ్ముకోండి, ఫోన్‌లో మ్యాప్ ముందే దింపుకోండి.

ఇక నడక సంగతి. చిత్తా దెల్లా పియేవె మొత్తం ఎర్ర ఇటుక ఊరు, చుట్టుపక్కల ఊళ్ళన్నీ రాతివి, ఇదొక్కటే ఇలా. పెరుజీనో అనే చిత్రకారుడు పుట్టిన ఊరు ఇదే, రఫాయెల్ లాంటి వాడికి గురువు. ఆయన 1504లో గీసిన పెద్ద కుడ్యచిత్రం ఇక్కడి చిన్న ప్రార్థనా మందిరంలో ఉంది, పసిబిడ్డ ఏసుని చూడ్డానికి ముగ్గురు జ్ఞానులు వచ్చిన ఘట్టం. సొంతూరి వాళ్ళని ధర తగ్గించుకుని గీశాడని ఆయన ఉత్తరాలే చెబుతాయట. నాకు బొమ్మలో మనుషులకంటే వాళ్ళ వెనక ఉన్న కొండలూ లోయా ఎక్కువ నచ్చాయి. బయటికొచ్చి ఊరి గోడ దగ్గర నిలబడితే అదే నేల, అదే పల్చటి నీలం.

రెండో రోజు అడవిలోంచి పచానో మీదుగా పనికాలె చేరాం. మొత్తం ఆరు రోజుల్లో ఇదే నాకు బాగా నచ్చిన రోజు. పచానో చాలా చిన్న ఊరు, కాఫీ తాగి కాసేపు కూర్చుని లేచాం. పనికాలె మాత్రం నత్తగుల్లలాగా చుట్లు చుట్లుగా కట్టిన ఊరు, మధ్యలో చౌకు, పాత నీటితొట్టి. అక్కడ సాన్ సెబాస్తియానో గుడిలో పెరుజీనోదే ఇంకో బొమ్మ ఉంది, 1505 నాటిది. సెబాస్టియన్ అనే క్రైస్తవ సాధువుని స్తంభానికి కట్టి బాణాలు వేస్తుంటారు. వెనక తోరణాల్లోంచి కొండలూ మైదానమూ కనిపిస్తాయి. బొమ్మ చూసి బయటికొచ్చి ఊరి అంచుకి నడిస్తే, ఎదురుగా మొత్తం సరస్సు.

అక్కడ నిలబడ్డప్పుడే నాకు ఈ ఊళ్ళు ఎందుకు గట్టెక్కి కూర్చున్నాయో అర్థమైంది. మన కొల్లేరుకి ఉప్పుటేరు ఉంది, నీళ్ళు సముద్రంలోకి పోతాయి. ఈ సరస్సుకి సహజంగా బయటికి పోయే దారే లేదు. వాన ఎక్కువైతే ఒడ్డు ముంచేస్తుంది, తక్కువైతే వెనక్కి పోయి బురద మిగులుతుంది. 1420ల్లో ఒకసారి, మళ్ళీ 1898లో ఒకసారి సాన్ సవినో దగ్గర సొరంగం తవ్వి నీళ్ళు వదిలారంటే ఎంత బాధపడ్డారో చూడండి. పైగా బురద అంచుల్లో దోమలు, మలేరియా, ఆపైన ఊరికీ ఊరికీ యుద్ధాలు. అందుకే నీళ్ళు కావాలి, నీళ్ళకి మరీ దగ్గరగా వద్దు అన్నట్టు కొండల మీద కట్టుకున్నారు. ఒడ్డున నడిస్తే మీకు చాలాచోట్ల రెల్లుపొదలే కనిపిస్తాయి, నీళ్ళు కనపడవు. పై నుంచి చూస్తే మూడు దీవులూ, నీటి రంగు గంట గంటకీ మారడం, వాన ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకి నడిచి రావడం అన్నీ కనిపిస్తాయి. చదునుగా ఉందని సైకిల్ బాట ఎంచుకుని "ఏముంది, నీళ్ళేగా" అని వెళ్ళిపోయేవాళ్ళు ఉంటారు, వాళ్ళకి ఈ మాట చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

తిండి గురించి కొంచెం ఎక్కువే రాస్తాను. పనికాలెలో ఒక చిన్న కొట్టులో పెద్దావిడ గుడ్డ సంచిలోంచి గింజలు తీసి నా అరచేతిలో పోసింది. ఫజొలీనా అంటారు వాటిని, ఈ సరస్సు చుట్టుపక్కల పండే గింజ. బియ్యపు గింజకంటే కాస్త పెద్దవి, కొన్ని తెల్లగా, కొన్ని మీగడ రంగు, కొన్ని గోధుమ రంగు, అక్కడక్కడా నల్లవి, ఒక్కోదానికి మధ్యలో చిన్న కన్ను. చూడగానే "ఇవి బొబ్బర్లేనండీ!" అని గట్టిగా అనేశాను. నిజంగానే అదే జాతి, కొన్నిచోట్ల అలసందలంటారు చూడండి, అవే, కానీ బాగా చిన్నవి. కాయలు అన్నీ ఒకేసారి పండవు కాబట్టి రోజూ చేతో కోసుకోవాలి, అందుకే ఒకప్పుడు దాదాపు పోయిన పంట, కొద్దిమంది రైతులు నిలబెట్టారు, ఇప్పుడు పాత పంటల్ని కాపాడే స్లో ఫుడ్ అనే సంస్థ గుర్తింపు కూడా ఉంది. ఆ రాత్రి హోటల్లో వాటినే ఉడకబెట్టి ఉప్పు, ఆలివ్ నూనె వేసి పెట్టారు. నానబెట్టకుండానే మెత్తగా ఉడుకుతాయట, తొక్క నాలిక్కి తగలదు. తాలింపు లేని గుగ్గిళ్ళు అనుకోండి. శాకాహారులకి ఈ దారంతా ఇదే పెద్ద ఆసరా.

ఇంకోటి తోర్తా అల్ తెస్తో. ఇనప పెనం మీద కాల్చే మందపాటి రొట్టె, మధ్యకి కోసి లోపల ఆకుకూర, జున్ను పెట్టిస్తారు. మధ్యాహ్నం దారిలో తినడానికి ఇంతకంటే మంచిది లేదు. మామూలు బ్రెడ్డుకి మాత్రం అక్కడ ఉప్పు వేయరు, మొదటి ముద్దకి చప్పగా అనిపిస్తుంది, మేము తీసుకెళ్ళిన ఆవకాయతో బాగా కలిసింది. చేపలు తినేవాళ్ళకి కార్ప అని ఒకటి ఉంటుంది, అది మన బంగారుతీగే. వెల్లుల్లి, రోజ్‌మేరీ, అడవి సోంపు పెట్టి పొయ్యిలో కాలుస్తారు, రుచి బాగుంది, కానీ పంది కొవ్వు వేసి చేస్తారు, తినని వాళ్ళు ముందే అడగండి. కొట్లు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడున్నర, నాలుగు దాకా మూసేస్తారు, హోటళ్ళు రాత్రి ఏడున్నరకి ముందు తెరవరు. నడిచొచ్చి ఆకలితో ఉన్నవాళ్ళకి ఇది కష్టమే, సంచిలో ఏదో ఒకటి ఉంచుకోండి. బిల్లులో మనిషికి రెండు మూడు యూరోలు "కోపెర్తో" అని వేస్తారు, అది మోసం కాదు, కూర్చున్నందుకు తీసుకునేది.

మూడో రోజు, పనికాలె నుంచి కస్తిల్యోనెకి దిగడం, నాకు నచ్చలేదు. సగం దూరం తారు రోడ్డు, పొలాల మధ్య ఎండ. మోకాళ్ళ నొప్పులుంటే ఈ ఒక్క రోజూ టాక్సీలో వెళ్ళినా పోయేదేం లేదు. కస్తిల్యోనె అందంగా ఉంటుంది, నీళ్ళలోకి పొడుచుకొచ్చిన గట్టు మీద కోట, గోడల మీద నడవనిస్తారు. సాయంత్రం ఒడ్డున చిన్న పురుగులు మబ్బులా లేస్తాయి, కుట్టవు, కానీ కంట్లో నోట్లో పడతాయి, అద్దాలు పెట్టుకోండి.

మర్నాడు పడవలో ఈజొలా మజ్జోరె. ఒకే ఒక్క వీధి, ఇప్పుడు అక్కడ ఏడాది పొడవునా ఉండేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. 1904లో ఇక్కడి జాలరుల ఇళ్ళలో ఆడవాళ్ళకి ఐర్లండ్ తరహా క్రోషా లేసు అల్లడం నేర్పించారట, ఆ పనితనం చూడ్డానికి చిన్న మ్యూజియం ఉంది. మా నరసాపురం లేసు పని తెలిసినదాన్ని కాబట్టి నేను అక్కడ చాలాసేపు ఉండిపోయాను. పూల రేకులు విడిగా పైకి లేచేలా అల్లారు, ఒక్కో రేకు చిటికెన వేలి గోరంత. ఈమధ్య కొన్నేళ్ళుగా సరస్సులో నీళ్ళు బాగా తగ్గిపోతున్నాయి, పడవలు కొన్ని రేవులకి రావడం కష్టమవుతోంది, కాబట్టి ముందురోజే రేవులో కనుక్కోండి.

తువోరో దగ్గర క్రీస్తుపూర్వం 217లో రోమ్‌కి శత్రువైన కార్తేజ్ సేనాని హానిబాల్ రోమన్ సైన్యాన్ని చుట్టుముట్టిన చోటు ఉంది. పొద్దున్నే పొగమంచు, ఒక పక్క సరస్సు, ఇంకో పక్క కొండలు, మధ్య ఇరుకు దారిలో రోమన్లు వస్తుంటే పైన దాక్కున్నవాళ్ళు ఒక్కసారిగా దిగారు. రోమన్లు పదిహేను వేలమంది దాకా చనిపోయారు, వాళ్ళ సేనాని ఫ్లమినియస్ కూడా. చూడ్డానికి ఒక బాట, అక్కడక్కడా వివరాల బోర్డులు ఉన్నాయి. దగ్గరి లోయలో పల్లె పేరు సంగ్విన్యేతో, నెత్తురు అనే మాట నుంచి వచ్చిందంటారు. మా వాడు పుస్తకంలో చదివిందే అయినా ఆ కొండ ఎక్కి కిందికి చూశాక చాలాసేపు మాట్లాడలేదు.

పసిన్యానో నుంచి కస్తెల్ రిగోనెకి ఎక్కడం ఈ దారిలో కష్టమైన భాగం. సరస్సు మట్టం 260 మీటర్లకి దగ్గర, ఊరు దాదాపు 650 మీటర్ల ఎత్తున ఉంది. మొదట ఆలివ్ తోటలు, తర్వాత ఓక్ చెట్ల నీడ. మా ఆయన మూడుసార్లు కూర్చున్నారు, రెండు చేతులా కర్రలు పట్టుకుని నెమ్మదిగా ఎక్కేశారు. పైకెళ్ళాక "ఇది చూడకుండా వెళ్ళిపోయేవాళ్ళం కదా" అన్నారు. అక్కడ మొదటి రోజుల్లో నడిచిన ఊళ్ళు అవతలి ఒడ్డున వరసగా కనిపించాయి, వేలితో చూపిస్తూ లెక్కపెట్టుకున్నాం.

ఆఖరి రోజు సాన్ ఫెలిచానోకి దిగాం, జాలర్ల ఊరు, చేపల వేట మ్యూజియం తప్పకుండా చూడండి, చేపలు పట్టడానికి రెల్లుతో అల్లిన మావులు చూస్తే మన కొల్లేటి మావులే గుర్తొచ్చాయి. అక్కణ్ణుంచి పొల్వేజె దీవికి పడవ ఉంది, మాకు టైము సరిపోలేదు. మజోనె స్టేషన్ నుంచి రైలెక్కి తెరొంతోలాలో మారి వెళ్ళిపోయాం.

గదికి రాత్రికి మాకు ఎనభై నుంచి నూట పది యూరోలు పడింది. మళ్ళీ వెళ్తే సామాను ఏజెన్సీకి ఇవ్వం, రెండు చిన్న సంచులతో వెళ్తాం, పనికాలెలో ఒక రాత్రి కాదు, రెండు రాత్రులు ఉంటాం. ఆ పెద్దావిడ కొట్టు నుంచి తెచ్చుకున్న ఫజొలీనా అరకిలో ఇంకా కాస్త మిగిలింది, దసరాకి పేరంటంలో పెడదామని దాచాను.