హనుమకొండలో పుట్టగొడుగుల విత్తనం ల్యాబ్: రెండేళ్లుగా కొంటున్నవాడి అనుభవం

పోయిన ఆగస్టులో ఒక సోమవారం 18 కిలోల పుట్టగొడుగుల విత్తనం కోసం వెళ్తే ల్యాబ్ అక్క నాకు 6 కిలోలే ఇచ్చింది. వెనక ర్యాకులో ఇంకా ప్యాకెట్లు వరసగా ఉన్నాయి. వాటిని చూపించి అడిగాను. "అవి నలభై రోజులు దాటినయ్ తమ్మీ. చూడ్డానికి తెల్లగనే ఉంటయ్, లోపల బలం తగ్గిపోతది. నీకు ఇయ్య" అంది. నేను అప్పటికే వంద బెడ్లకు (గడ్డి, విత్తనం నింపి పుట్టగొడుగులు పెంచే సంచులకు) గడ్డి నానబెట్టి వచ్చాను. ఇంటి దగ్గర ఇద్దరు కూలీలు ఎదురుచూస్తున్నారు. చాలా కోపం వచ్చింది. మిగిలిన గడ్డంతా ఆ సాయంత్రం బర్రెలకు వేశాను. కానీ ఆ 6 కిలోలతో పెట్టిన 33 బెడ్లలో ఒక్కటి కూడా పాడవలేదు. నా షెడ్డు ఇప్పటిదాకా నిలబడిందంటే ఆమె అలా "ఇయ్య" అనగలగడం వల్లే. ఈ పని మొదలుపెట్టాలనుకునే వాళ్ల కోసం ఆ ల్యాబ్ గురించి వివరంగా రాస్తున్నాను.

ల్యాబ్ గోపాల్‌పూర్ వైపు ఒక సందులో, ఇంటి మేడ మీద ఉంటుంది. బోర్డు మీద పేరు లేదు. "పుట్టగొడుగుల విత్తనం దొరుకును" అని, కింద ఫోన్ నంబరు. అంతే. వరండాలో పెద్ద గ్యాస్ పొయ్యి మీద జొన్నలు ఉడుకుతుంటాయి. మొదటి గదిలో ఆటోక్లేవ్ (ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపే పెద్ద కుక్కర్ లాంటిది), రెండో గదిలో ఏసీ, లామినార్ ఫ్లో (వడగట్టిన గాలి వచ్చే పని బల్ల). చెప్పులు మెట్ల కిందే వదలాలి. రెండో గదిలోకి కొనేవాళ్లను రానివ్వరు, అద్దంలోంచి చూడాల్సిందే.

నాది హసన్‌పర్తి. కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదివాను. శామీర్‌పేట వైపు ఒక కంపెనీలో మైక్రోబయాలజీ క్యూసీలో (నాణ్యత పరీక్షల విభాగంలో) నాలుగేళ్లు పనిచేశాను. నాన్నకు పక్షవాతం వచ్చాక ఇంటికి వచ్చేశాను. చదువుకునే రోజుల్లో బయోటెక్ వ్యాపారం అంటే మాకు శాంతా బయోటెక్నిక్స్ గురించే చెప్పేవారు. 1993లో మొదలై, 1997లో మన దేశంలోనే తయారైన హెపటైటిస్-బి టీకాను మార్కెట్‌లోకి తెచ్చిన కంపెనీ అది. వింటే గర్వంగా ఉండేది. కానీ ఆ కథ విన్నాక మాలో ఎవరికీ సొంతంగా ఏదైనా చేద్దామనే ధైర్యం రాలేదు. కోట్ల పెట్టుబడి, జీనోమ్ వ్యాలీలో స్థలం, పెద్ద పెద్ద అనుమతులు లేనిదే ఈ చదువుతో వ్యాపారం లేదనుకున్నాం. ఈ ల్యాబ్ నడిపే అక్క మా డిపార్ట్‌మెంటే, నాకంటే రెండు బ్యాచ్‌లు సీనియర్. సెకండ్ హ్యాండ్ ఆటోక్లేవ్, కొత్త లామినార్ ఫ్లో, ఏసీ, ర్యాకులు అన్నీ కలిపి 3 లక్షల లోపే అయ్యాయట. కొంత ముద్ర లోన్, కొంత వాళ్లమ్మ దాచుకున్న డబ్బు.

ఆమె గురించి తెలియక ముందు నేను విత్తనం దూరం నుంచి తెప్పించాను. ఎక్కడి నుంచో, ఎవరో చెప్పను. మే నెలలో పార్సిల్ వచ్చింది. ఎండ నలభై దాటింది. ఆ డబ్బా ఎన్ని గంటలు ఏ గోడౌన్‌లో ఉందో తెలియదు. ప్యాకెట్ ముట్టుకుంటే వెచ్చగా ఉంది. విప్పితే పుల్లటి వాసన. నేను పెంచే ముత్యాల చిప్ప (ఆయిస్టర్) పుట్టగొడుగు దారాలకు అంత వేడి పడదని నాకు తెలుసు, పుస్తకంలో చదివిన సంగతే. అయినా డబ్బు పెట్టేశాను కదా అని 60 బెడ్లు వేశాను. పదో రోజుకు 41 బెడ్లు ఆకుపచ్చగా బూజు పట్టాయి. నాలుగేళ్లు క్యూసీలో పనిచేసి, వాసన చూసి కూడా పారేయలేకపోయాను. ఆ బెడ్లను చెరువు గట్టు దాటించి పాతిపెట్టిన రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక విత్తనం సంగతి. మనం విత్తనం అంటున్నాం గానీ అది నిజానికి ఉడికించిన జొన్నల మీద పెంచిన పుట్టగొడుగు దారాలు. అక్క ఆదిలాబాద్ వైపు తెల్ల జొన్నలు కొంటుంది. మందు కలిపి నిల్వ చేసిన జొన్నల మీద దారం సరిగ్గా పాకదు, అందుకని ముందు ఒక గుప్పెడు ఉడికించి పరీక్ష చేశాకే బస్తా తీసుకుంటుంది. గింజ మెత్తబడాలి, పగలకూడదు. పగిలితే పిండి బయటికొచ్చి ముద్ద కడుతుంది, బాక్టీరియా చేరుతుంది. నీళ్లు వార్చి, నీడలో ఆరబెట్టి, కిలోకి 20 గ్రాముల కాల్షియం కార్బొనేట్ కలిపి, ప్యాకెట్లలో నింపి దూదితో మూతి బిగిస్తారు. 121 డిగ్రీల వేడి, 15 పౌండ్ల ఒత్తిడిలో రెండు గంటలు. చల్లారాక లామినార్ ఫ్లోలో మదర్ కల్చర్ (ముందే పెంచి ఉంచిన స్వచ్ఛమైన దారం) వేస్తారు. పదిహేను రోజులకు ప్యాకెట్ మొత్తం తెల్లగా అల్లుకుంటుంది. అక్కడి నుంచి వారం పది రోజుల్లో వాడితే దానంత బలమైన విత్తనం ఉండదు. అందుకే ఈ సరుకు దగ్గర్లో తయారవ్వాలి. మన జిల్లాల్లో బయోటెక్ చదివిన పిల్లలకు ఇందులో చోటు ఉందని నేను నమ్మడానికి పెద్ద కారణం ఇదే. వరిగడ్డి మనకు కావలసినంత ఉంది. లేనిది తాజా విత్తనం.

ప్రతి ప్యాకెట్ మీదా ఆమె మార్కర్‌తో రెండు తేదీలు రాస్తుంది: కల్చర్ వేసిన రోజు, పూర్తిగా అల్లుకున్న రోజు. గది గాలి శుభ్రంగా ఉందో చూడ్డానికి శుక్రవారం శుక్రవారం రెండో గదిలో ఆలుగడ్డ అగార్ ప్లేట్లు (బూజు మొలిచే జెల్లీ పోసిన చిన్న పళ్లేలు) అరగంట మూత తీసి ఉంచి, తర్వాత ఎన్ని బూజు చుక్కలు వచ్చాయో లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాస్తుంది. కంపెనీలో మేం రోజూ చేసిన పని అదే. ఇంత చిన్న చోట ఎవరూ అడగకుండానే ఒకరు దాన్ని చేస్తుంటే చూసి నాకు మనసు నిండింది. మొదటి ఏడాది వంద ప్యాకెట్లలో ముప్పై పారేసేదాన్నని, ఇప్పుడు నాలుగైదు మించడం లేదని ఆ నోట్‌బుక్ చూపించే చెప్పింది.

నేను కూడా ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేస్తాను. అట్టముక్కను ఉడకబెట్టి, పిండి, శుభ్రమైన స్టీలు డబ్బాలో పెట్టి దాని మీద పది గింజలు చల్లుతాను. మూడు రోజుల్లో అట్ట మీదికి తెల్లదారం పాకాలి. ఈ ల్యాబ్ విత్తనంతో రెండేళ్లలో ఒక్కసారే ఆలస్యమైంది. ఫోన్ చేస్తే ఆ బ్యాచ్ మొత్తానికి బదులు కొత్తది ఇచ్చింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతి ట్రైకోడెర్మాది. అదొక రకం బూజు, మా వైపు మిర్చి రైతులకు బాగా తెలిసిన పేరు. 90 కిలోల పశువుల ఎరువులో 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి వారం మాగబెట్టి చేలో వేస్తే ఎండు తెగులు తగ్గుతుందని వేస్తారు. ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే రైతులు కొందరు ఆమెను అడిగారు, "గది కూడా చేసి ఇయ్యరాదు బిడ్డా" అని. ల్యాబ్ ఉంది, చదువు ఉంది, అడిగేవాళ్లున్నారు. ఆమె ఒప్పుకోలేదు. నా 41 బెడ్లను తిన్న ఆకుపచ్చ బూజు కూడా ట్రైకోడెర్మానే. మిర్చి చేలో మేలు చేసేది పుట్టగొడుగుల గదిలోకి వస్తే మొత్తం నాశనం. దాని బీజాలు గాలిలో ఎగురుతాయి. ఒకే మేడ మీద రెండూ చేయడం కుదరదు. పైగా ట్రైకోడెర్మా అమ్మాలంటే 1968 నాటి పురుగుమందుల చట్టం కింద కేంద్రంలో రిజిస్ట్రేషన్ ఉండాలి, తయారీకి లైసెన్సు ఉండాలి, ఒక శాతం పొడిలో గ్రాముకు కనీసం 20 లక్షల బతికున్న కణాలు ఉండాలి. సంచిలో పోసి అమ్మేస్తే అయిపోయే సరుకు కాదు. "వేరే ఊళ్లె వేరే బిల్డింగ్ దొరికి, కాగితాలన్నీ వచ్చినంక చూద్దాం" అంటుంది. వచ్చే డబ్బును చూస్తూ చూస్తూ వదులుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆమె మీద నా గౌరవం అక్కడే పెరిగింది.

శిక్షణ రెండు రోజులు, 1,500 రూపాయలు, మధ్యాహ్నం భోజనం వాళ్లదే. నా బ్యాచ్‌లో ఏడుగురం. పరకాల నుంచి ఒక పెద్దమ్మ, జమ్మికుంట నుంచి ఇద్దరు డిగ్రీ పిల్లలు, మిగతావాళ్లు హనుమకొండ వాళ్లే. మొదటిరోజే అక్క అందరి ముందూ చెప్పేసింది: "మీ పంట నేను తిరిగి కొన. కొంటమని డిపాజిట్ అడిగేటోళ్ల దగ్గరికి పోకుండ్రి." ఇద్దరి ముఖాలు మాడిపోయాయి. అయినా చెప్పాల్సిన మాట అది. గడ్డి శుద్ధికి చాలాచోట్ల కార్బెండజిమ్, ఫార్మలిన్ అనే మందులు కలిపిన నీళ్ల పద్ధతి నేర్పుతారు. ఇక్కడ 80 డిగ్రీల వేడినీళ్ల పద్ధతే నేర్పారు. కట్టెల ఖర్చు ఎక్కువ, కానీ కుమార్‌పల్లి మార్కెట్ దగ్గర నిలబడి అమ్మేటప్పుడు "మందు కొట్టినవా?" అని అడిగే అమ్మలకు నేను కళ్లలోకి చూసి జవాబు చెప్పగలుగుతున్నాను. గడ్డిని పిడికిట్లో గట్టిగా పిండితే చేయి తడవాలి గానీ నీటిచుక్క కారకూడదు. ఈ ఒక్క విషయాన్ని ఆ పెద్దమ్మ చేత ఇరవైసార్లు చేయించింది. ఇప్పుడు ఆ పెద్దమ్మ బెడ్లు నావాటికంటే బాగా వస్తున్నాయి.

డబ్బు లెక్క కూడా రాస్తాను, చాలామంది అడుగుతున్నారు. వంద బెడ్లకు వంద కిలోల ఎండుగడ్డి, 18 కిలోల విత్తనం. కిలో 120 చొప్పున విత్తనానికే 2,160. పోయిన చలికాలం ఒక విడతలో మూడు కోతలు కలిపి 62 కిలోలు వచ్చాయి. భద్రకాళి బండ్ మీద పొద్దున వాకింగ్‌కు వచ్చేవాళ్లకు పావుకిలో 60, హోటళ్లకు కిలో 180. సగటున కిలోకి 200 పడింది. గడ్డి, కవర్లు, కట్టెలు, కూలి, పెట్రోలు తీసేస్తే నెలన్నరకు 6 వేల చిల్లర మిగిలింది. ఇంటి గదిలో వంద బెడ్లతో లక్షలు వస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి. నేను మూడు విడతలు ఒకదాని వెనక ఒకటి నడుపుతున్నాను కాబట్టి ఇల్లు గడుస్తోంది. వానాకాలంలో అడవి నుంచి పుట్టకొక్కులు వచ్చినప్పుడు రెండు వారాలు నా సరుకు ఎవరూ అడగరు, అది కూడా లెక్కలో పెట్టుకోవాలి.

ఎండాకాలం కోసం ఆమె పాల పుట్టగొడుగు విత్తనం ఇస్తుంది. తమిళనాడు వ్యవసాయ యూనివర్సిటీ 1998లో ఏపీకే-2 అనే రకాన్ని విడుదల చేసింది, 30 నుంచి 35 డిగ్రీల వేడిలో కూడా వస్తుంది. బెడ్ అల్లుకున్నాక పైన శుద్ధి చేసిన మట్టి పొర వేయాలి, పని ఎక్కువ. కానీ కోశాక తొందరగా వాడిపోదు. మన వాతావరణానికి ముందు ముందు ఇదే నిలుస్తుందని నా నమ్మకం.

లోటుపాట్లు ఉన్నాయి. ప్యాకెట్ మీద తేదీలుంటాయి గానీ బ్యాచ్ నంబరు ఉండదు; ఏదైనా తేడా వస్తే ఏ మదర్ కల్చర్ నుంచి వచ్చిందో ఆమె నోట్‌బుక్ వెతకాల్సిందే. రెండుసార్లు చెప్పాను, ఇంకా చేయలేదు. అమ్మకం గురించి శిక్షణలో గంట కూడా చెప్పరు. ఎక్కడ అమ్మాలి, మిగిలినవి ఎలా ఎండబెట్టాలి, ప్యాకింగ్ ఎలా అనేవి నేను సొంతంగా నేర్చుకున్నాను. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ నేను తీసుకున్నప్పుడు ఏడాదికి 100 రూపాయలే. అంత తేలికని శిక్షణలో ఒక్క మాట చెప్పి ఉంటే ఆరు నెలల ముందే తీసుకునేవాణ్ని. ఎండబెట్టి పొడి చేసి అమ్మేవాళ్లకు పీఎంఎఫ్ఎంఈ అనే కేంద్ర పథకంలో (చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం) నేను చూసినప్పుడు 35 శాతం సబ్సిడీ ఉండేది, గరిష్ఠంగా 10 లక్షలు. బైరాక్ (బయోటెక్ స్టార్టప్‌లకు సాయం చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చే 50 లక్షల గ్రాంటు గురించి అడిగితే మాత్రం అక్క సరిగ్గా చెప్పింది: అది కొత్త ఆవిష్కరణలకు, షెడ్డు వేసుకోవడానికి ఇవ్వరు. జమ్మికుంట పిల్లలిద్దరూ దాని మీదే ఆశ పెట్టుకుని వచ్చారు. వాళ్లకు ఆ మాట ఆ రోజే తెలియడం మంచిదైంది.

వెళ్లాలనుకునే వాళ్లు శనివారం వెళ్లకండి, ఆ రోజు కల్చర్ వేస్తారు, తలుపు తీయరు. మధ్యాహ్నాలు ఫోన్ ఎత్తరు, పొద్దున పదిలోపు చేయండి. కనీసం 20 రోజుల ముందు ఆర్డర్ చెప్పాలి, ఉన్న స్టాక్ మీద నమ్మకం పెట్టుకుని నాలాగా ముందే గడ్డి నానబెట్టకండి. ఎండాకాలంలో అయితే తెల్లవారుజామునే వెళ్లి, తడి గోనెసంచి చుట్టి తెచ్చుకోండి. నా తర్వాతి 18 కిలోలు ఈ నెల 22న అందుతాయి. వాటిలో 5 కిలోలు పాల పుట్టగొడుగుది.