ఐదు ఖాతాలు, ఒకే డ్రైవర్: ఐరేసింగ్‌పై ఒక సమీక్ష

ఫార్ములా వన్ డ్రైవర్ గొప్పవాడా, ర్యాలీ డ్రైవర్ గొప్పవాడా, కోడిగుడ్డు ఆకారపు ఓవల్ ట్రాకులపై, మామూలు కార్ల రూపంలో ఉండే బరువైన రేసు బండ్లలో గంటలకొద్దీ తిరిగే స్టాక్ కార్ డ్రైవర్ గొప్పవాడా అన్న వాదన మోటార్ రేసింగ్ అభిమానులు ఇద్దరు కలిసిన చోటల్లా మొదలవుతుంది, ఎక్కడా తేలదు. అందరికీ సమానంగా అలవాటైన బండినీ దారినీ చూపించి పోటీ పెట్టడం సాధ్యం కాదు కనుక తేలదు. వేర్వేరు తరహాల డ్రైవర్లను ఒకేచోట పోటీకి దించే, 1988లో మొదలైన రేస్ ఆఫ్ ఛాంపియన్స్ ఆ ప్రయత్నం చేస్తూనే ఉంది గాని, అక్కడ ఒక్కొక్క పోటీ కొద్ది నిమిషాల్లో ముగిసిపోతుంది; టైర్లను కాపాడుకోవడం, గుంపులో చోటు సంపాదించుకోవడం వంటి విద్యలకు అక్కడ పనే ఉండదు. ఇంటర్నెట్ ద్వారా ఇతరులతో కంప్యూటర్‌పై కారు రేసులు నడిపించే ఐరేసింగ్‌ను రెండేళ్లుగా చందా కట్టి వాడుతున్నాను; దాన్ని ఈ ఒక్క ప్రశ్న పరంగానే సమీక్షిస్తున్నాను. తెరపై బొమ్మ ఎంత అందంగా ఉందన్నది ఇక్కడ విషయం కాదు.

కంప్యూటర్ రేసింగ్ ఆటలు తయారుచేసిన పపైరస్ సంస్థను స్థాపించినవారిలో ఒకరైన డేవ్ కేమర్, వ్యాపారవేత్త జాన్ హెన్రీ కలిసి నెలకొల్పిన ఈ సేవ 2008లో వాడుకదారులకు అందుబాటులోకి వచ్చింది. నిజమైన ట్రాకులను లేజర్‌తో స్కాన్ చేసి, రోడ్డులోని ఎత్తుపల్లాలతో సహా కంప్యూటర్‌లోకి ఎక్కించారు. రేసులు నిర్ణీత వేళలకు జరుగుతాయి. పాల్గొన్న ప్రతి రేసు తరువాతా రెండు అంకెలు మారుతాయి. చదరంగంలోని ఈలో రేటింగ్‌ను పోలిన ఐరేటింగ్ ఎవరిని ఓడించారో చెబితే, సేఫ్టీ రేటింగ్ ఎంత శుభ్రంగా నడిపారో చెబుతుంది. చాలా సిరీస్‌లలో సెటప్ (బండి భాగాల అమరిక) అందరికీ ఒకటే కాబట్టి, ఓడినప్పుడు నింద వేయడానికి బండి దొరకదు.

ఇక్కడ నన్ను ఆకట్టుకున్నది ఆ అంకెలకన్నా వాటిని విడివిడిగా ఉంచిన తీరు. ఓవల్, డర్ట్ ఓవల్ (మట్టి ఓవల్), డర్ట్ రోడ్ (మలుపుల మట్టి దారి), స్పోర్ట్స్ కార్, ఫార్ములా కార్ అని ఐదు లైసెన్సులు, ఐదు ఖాతాలు. చివరి రెండూ 2024 వరకు రోడ్ అనే ఒకే ఖాతాలో ఉండేవి. ఒకదానిలో సంపాదించినది మరొకదానిలోకి బదిలీ కాదు. అంటే డ్రైవింగ్ నైపుణ్యం అనే ఏకవస్తువు లేదని ఈ సేవ తన నిర్మాణంలోనే ఒప్పుకున్నట్టు లెక్క.

ఆ ఒప్పుకోలు ఎంత న్యాయమైనదో నాకు ఓవల్‌లో తెలిసింది. జీటీ3 అనే తరగతి స్పోర్ట్స్ కార్లలో ఏడాది పాటు నడిపి, మలుపు లోపలిదాకా బ్రేకును కొద్దికొద్దిగా వదులుతూ వెళ్లే ట్రెయిల్ బ్రేకింగ్ బాగానే వంటబట్టిందనుకున్న తరువాత, ఎడమవైపుకు మాత్రమే తిరగడంలో ఏముందన్న ధీమాతో స్టాక్ కార్ ఎక్కాను. ఒంటరిగా తిరిగినంతసేపూ ల్యాప్ సమయాలు ముందువరుస వాళ్లకు దగ్గరగానే వచ్చాయి. రేసులో పక్కన మరో కారు చేరేసరికి నా బండి కిందనుంచి గాలి మారిపోయి వెనుక చక్రాలు జారాయి, ముందున్న కారుకు మరీ దగ్గరగా వెళ్లినప్పుడు స్టీరింగ్ తిప్పినా ముక్కు తిరగలేదు, ఇరవై ల్యాపులయ్యేసరికి కుడి ముందు టైరు అరిగిపోయింది. నాకంటే ల్యాపుకు పావు సెకను నెమ్మదిగా మొదలుపెట్టినవాళ్లు అప్పుడు ఒక్కొక్కరే దాటుకుంటూ వెళ్లారు. తాపీగా నడపడం అనే విద్య ఒకటుందని నేను అంతవరకు లెక్కలోకే తీసుకోలేదు.

నిజజీవితంలో, ఫార్ములా వన్ నుంచి స్టాక్ కార్లకు మారిన హువాన్ పాబ్లో మోంటోయా చరిత్ర చూసినా ఇదే కనిపిస్తుంది. ఆయన అమెరికా స్టాక్ కార్ పోటీలైన నాస్కార్ కప్‌లో గెలిచిన రెండు రేసులూ, 2007లో సొనోమా, 2010లో వాట్కిన్స్ గ్లెన్, రెండువైపులా మలుపులుండే రోడ్ ట్రాకులపైనే. అలాగని ఓవల్ రాదనడానికి వీల్లేదు. ఓవల్‌పై జరిగే ఇండియానాపొలిస్ 500ను ఆయన ఇండీకార్ అనే, చక్రాలు బయటకు కనిపించే రేసు కారులో 2000లోనూ 2015లోనూ గెలిచారు. ఓవల్‌పై తేలికైన ఇండీకార్‌ను నడపడం, బరువైన స్టాక్ కార్‌ను నడపడం వేర్వేరు పనులన్నమాట. రోడ్‌ను రెండుగా విడదీసిన ఐరేసింగ్ ఈ రెండింటినీ మాత్రం ఇంకా ఒకే ఓవల్ ఖాతాలో కలిపి ఉంచింది. ఇది నాకు పెద్ద లోపంగానే తోస్తుంది.

డర్ట్ ఓవల్ గురించి ఒక్కమాట. ఎడమకు వెళ్లడానికి కుడికి తిప్పి, మిగతా దిశానిర్దేశమంతా యాక్సిలరేటర్‌తో చేయాలి. రేసు నడుస్తుండగానే మట్టి ఆరిపోయి పట్టు గోడ వైపుకు జరుగుతుంది. మరో కారును గట్టిగా గుద్దుకుంటే తారు ట్రాకుపై నాలుగు తప్పు పాయింట్లు పడతాయి, మట్టిపై రెండే. ఆ తేడాను పెట్టినవాళ్లెవరో మట్టి రేసింగ్ తెలిసినవాళ్లే.

అయితే ఐదు ఖాతాల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడం పొరపాటు. ఐరేటింగ్ ఆ ఖాతాలో పోటీపడే జనంతో పోల్చి ఇచ్చేది. జనం మారితే కొలబద్దే మారుతుంది. ఓవల్‌లో 2,000 ఉన్నవాడూ ఫార్ములాలో 2,000 ఉన్నవాడూ సమానులని చెప్పడానికి ఆధారమేమీ లేదు. నా మటుకు నేను పోల్చుకునేది కొత్త ఖాతాలో కుదురుకోవడానికి ఎన్ని రేసులు పట్టిందన్నది. జారుతున్న బండిని పట్టుకోవడం ఒకచోట నేర్చుకుంటే అన్నిచోట్లా పనికివచ్చింది. ఎవరి వెనుక ఎప్పుడు చేరాలో మాత్రం ప్రతిచోటా మొదటినుంచి నేర్చుకోవలసి వచ్చింది.

ఈ సేవ కొలవలేనివీ ఉన్నాయి. పేస్ నోట్స్ (ముందున్న మలుపుల వివరాలు) చదివే సహడ్రైవర్‌ను నమ్మి, కనబడని మలుపులోకి దూసుకుపోయే స్టేజ్ ర్యాలీ ఇందులో లేదు. ర్యాలీ తరహాలో ఉన్నది, చిన్న ట్రాకుపై కార్లన్నీ కలిసి పోటీపడే ర్యాలీక్రాస్ మాత్రమే. తొమ్మిదిసార్లు ప్రపంచ ర్యాలీ ఛాంపియనై, 2006లో లే మాన్స్ 24 గంటల రేసులో రెండో స్థానం సాధించి, 2013లో అమెరికాలోని పైక్స్ పీక్ కొండ దారిని 8 నిమిషాల 13.878 సెకన్లలో ఎక్కిన సెబాస్టియన్ లోబ్ వంటి డ్రైవర్‌ను తూచడానికి ఈ త్రాసులో తగిన పళ్లెం లేదు. మెడను లాగే బలం, కాక్‌పిట్‌లోని వేడి, గోడ నిజమైనదన్న ఎరుక కూడా కుర్చీలో కూర్చున్నవాడికి అందవు. అయినా ఇక్కడి అభ్యాసం ఉత్త ఆటేనని కొట్టిపారేయలేం: 2019 రేస్ ఆఫ్ ఛాంపియన్స్‌లో సిమ్ రేసర్ (కంప్యూటర్‌పై రేసులు నడిపేవాడు) ఎంజో బొనీటో, వృత్తి డ్రైవర్ లూకస్ డి గ్రాసీని నిజమైన కారులోనే ఓడించాడు; ఐరేసింగ్‌తో మొదలుపెట్టిన విలియం బైరన్ నాస్కార్‌లో పేరుమోసిన డేటోనా 500ను 2024లోనూ 2025లోనూ గెలిచాడు.

కొనదలచినవారు ఒకటి గమనించాలి. చందాతో వచ్చే కార్లూ ట్రాకులూ కొన్నే. మిగతావి విడిగా కొనుక్కోవాలి. కాబట్టి ఐదు ఖాతాలనూ గంభీరంగా నడపడం ఖర్చుతో కూడిన పని. ఒకే తరహా రేసింగ్‌పై మనసున్నవారికి ఆ బాధ లేదు. నాలాగా పోల్చి చూడాలన్న దురద ఉన్నవారు చందాతో వచ్చిన కార్లతోనే ఐదింటిలోనూ ప్రవేశస్థాయి రేసులు పదేసి చొప్పున నడిపి, ఆ తరువాతే ఏది కొనాలో నిర్ణయించుకోవడం మంచిది.