మాథ్యూస్, ఫిన్నీ: ఎవరు గొప్ప వింగర్?

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అభిమానుల మధ్య తరాలుగా తెగని వాదన ఇది. వింగర్ అంటే మైదానం అంచు వెంట దాడి చేసే ఆటగాడు.

పేరు ప్రతిష్ఠల్లో స్టాన్లీ మాథ్యూస్‌దే పైచేయి. 1956లో యూరప్ ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ అవార్డు మొట్టమొదట ఆయనకే దక్కింది. ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ పోటీ ఎఫ్.ఎ. కప్ 1953 ఫైనల్లో 1-3తో వెనకబడిన ఆయన జట్టు బ్లాక్‌పూల్ 4-3తో గెలిచింది. మూడు గోల్స్ కొట్టింది సహచరుడు మోర్టెన్సన్ అయినా, జనం దాన్ని మాథ్యూస్ ఫైనల్ అనే పిలుస్తారు. యాభై ఏళ్ల వయసులోనూ సొంతూరి జట్టు స్టోక్ సిటీకి ఆడారు.

టామ్ ఫిన్నీకి పెద్ద ట్రోఫీ ఒక్కటీ రాలేదు. అయినా నా ఓటు ఆయనకే. మాథ్యూస్ కుడి వింగ్‌కే అంకితం. ఫిన్నీ కుడి, ఎడమ వింగ్‌లు, మధ్యలో సెంటర్ ఫార్వర్డ్ స్థానం, ఎక్కడైనా రాణించారు. ఇంగ్లండ్ తరఫున 76 మ్యాచుల్లో 30 గోల్స్. మాథ్యూస్‌వి 54 మ్యాచుల్లో 11. ఇటలీలోని పలెర్మో జట్టు ఫిన్నీకి భారీ మొత్తం ఇస్తామన్నా ఆయన క్లబ్బు ప్రెస్టన్ ఒప్పుకోలేదు. ఆయన పుట్టిన ఊరి జట్టు ప్రెస్టన్‌కే 1960 దాకా ఆడారు, ఒకపక్క ప్లంబింగ్ పని చేసుకుంటూనే. స్టేడియం బయట నీళ్లు చిమ్ముతూ బంతి వెంట జారుతున్న ఆయన విగ్రహం ఉంది.

1947లో లిస్బన్‌లో కుడివైపు మాథ్యూస్, ఎడమవైపు ఫిన్నీ కలిసి ఆడారు. పోర్చుగల్‌పై ఇంగ్లండ్ 10-0తో గెలిచింది.