కొచ్చిలో పసుపు జెర్సీల మధ్య మేం ముగ్గురం

శబరి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు తీశానని చెబితే మా అమ్మ, "మాల వెయ్యకుండా శబరి ఎక్కడమేంట్రా?" అంది. ఫుట్‌బాల్ మ్యాచ్ చూడ్డానికని చెప్పాక ఇంకేం అడగలేదు. వీడితో మాటలెందుకు అన్నట్టు వంటింట్లోకి వెళ్లిపోయింది.

మేం ముగ్గురం, ఒకే ఆఫీసు. బయల్దేరింది 2024 నవంబర్ 5న. శబరిమల మండల సీజన్ మొదలవడానికి ఇంకా పది రోజులుంది కాబట్టి స్లీపర్‌లో బెర్తులు దొరికాయి. ఎవరైనా ఇదే ట్రిప్ వేసుకుంటే నవంబర్ మధ్య నుంచి సంక్రాంతి దాకా ఈ బండి మీద ఆశ పెట్టుకోవద్దు. గుంటూరు, తెనాలి, ఒంగోలు, నెల్లూరు... తిరుపతి దాటేసరికి బోగీలో తెలుగు సగానికి తగ్గింది. పాలక్కాడ్ తర్వాత కిటికీ నిండా కొబ్బరిచెట్లే. మర్నాడు ఎర్నాకుళం టౌన్‌లో దిగాం. అక్కడివాళ్లు దాన్ని నార్త్ స్టేషన్ అంటారు, ఆటోవాడికి అలా చెబితేనే తేలిగ్గా అర్థమవుతుంది.

ఇంతదూరం ఎందుకంటే, 7వ తేదీ గురువారం రాత్రి ఏడున్నరకి కలూర్ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో కేరళ బ్లాస్టర్స్‌తో మా హైదరాబాద్ ఎఫ్‌సీ మ్యాచ్. నిజం చెప్పాలంటే మ్యాచ్ ఒక సాకు. నేను చూడాలనుకున్నది మంజప్పడను. మంజ అంటే మలయాళంలో పసుపు, పడ అంటే సైన్యం. 2014లో క్లబ్‌తో పాటే పుట్టిన అభిమానుల సంఘం. కేరళ జిల్లాల్లోనే కాదు, గల్ఫ్‌లో కూడా దానికి శాఖలున్నాయి. ఇన్నేళ్లలో వాళ్ల జట్టు ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు ఒక్కసారీ ఎత్తలేదు. 2014లో, 2016లో ఫైనల్ దాకా వచ్చి ఓడిపోయారు. మూడోసారి 2022లో ఓడించింది మేమే.

ఆ ఫైనల్‌కి కూడా వెళ్లాను. మార్చి 20, గోవా ఫతోర్డా స్టేడియం. కోవిడ్ వల్ల రెండు సీజన్లు గోవాలోనే ఖాళీ గ్యాలరీల ముందు ఆడి, ఫైనల్‌కి జనాన్ని రానిచ్చారు. మడగావ్‌లో గది దొరకలేదు, రాత్రి రైల్వే స్టేషన్ బెంచీ మీదే గడిచింది. బస చెప్పుకోడానికేం లేదు గానీ మ్యాచ్ మాత్రం మర్చిపోలేను. మా హోమ్ జెర్సీ కూడా పసుపే. ఆ రోజు ఆ రంగు మాకు దక్కడంతో వాళ్లు నల్ల జెర్సీలో ఆడారు. గ్యాలరీలో పసుపంతా వాళ్లది, గడ్డి మీద పసుపు మాది. 68వ నిమిషంలో వాళ్ల రాహుల్ గోల్ కొట్టినప్పుడు నా కుర్చీ కదిలిందంటే అబద్ధం కాదు. 88లో మా తవోరా సమం చేశాడు. పెనాల్టీల్లో మా గోల్‌కీపర్ కట్టిమని మూడు ఆపేశాడు, 3-1. అంతమంది ఒక్కసారి నిశ్శబ్దమైపోవడం అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. అప్పుడే అనుకున్నాను, వీళ్లని వీళ్ల ఇంట్లో చూడాలని.

సరే, బస సంగతి. స్టేడియానికి నడిచి వెళ్లొచ్చని కలూర్‌లో ఒక గల్లీలో లాడ్జి బుక్ చేశాను. రోజుకి 1,400 అని యాప్‌లో. కౌంటర్ దగ్గరికెళ్తే "ముగ్గురికి కుదరదు, ఇంకో గది తీసుకోండి" అన్నారు. బుకింగ్‌లో ముగ్గురని స్పష్టంగా ఉంది. అరగంట వాదించాక అదనంగా 500కి ఒక పరుపు వేశారు. పరుపు అనడం కూడా మర్యాదకే. బాత్రూమ్‌లో బకెట్ ఉంది, మగ్గు లేదు. కిటికీ తెరిస్తే పక్క హోటల్ ఎగ్జాస్ట్ ఫ్యాన్, రాత్రి పదకొండు దాకా పరోటా వాసన. ఆ వాసన ఒక్కటే ఆ గదిలో బాగుంది.

మెట్రో మాత్రం హాయి. నార్త్ స్టేషన్ పక్కనే టౌన్ హాల్ మెట్రో, అక్కణ్నుంచి రెండో స్టేషన్ పేరే జేఎల్ఎన్ స్టేడియం. దిగితే ఎదురుగా స్టేడియమే. మ్యాచ్ రోజుల్లో రాత్రి పొద్దుపోయే దాకా రైళ్లు నడుపుతారు. గచ్చిబౌలిలో మ్యాచ్ అయిపోయాక క్యాబ్ కోసం ఫ్లైఓవర్ కింద నలభై నిమిషాలు నిలబడ్డ ముగ్గురికి ఇది చూసి కాస్త కుళ్లు పుట్టింది.

మ్యాచ్ రోజు ఉదయం టీ కోసం బయటికొస్తే, కొట్టు ముందు బల్ల మీద ఒక కుర్రాడు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. గోళ్ల చుట్టూ పసుపు పెయింటు, మోచేతి మీద నీలం చార ఒకటి ఎండి పగుళ్లిచ్చింది. టిఫో పని చేసొచ్చాడని అర్థమైంది. టిఫో అంటే ఆట మొదలయ్యే ముందు గ్యాలరీ మీద పరిచే పెద్ద బొమ్మ. గుడ్డ ముక్కలు కుట్టి, నేల మీద పరిచి, గళ్లు గీసుకుని రంగు వేస్తారట. "మీది ఏ ఊరు చేట్టా?" అన్నాడు. చేట్టా అంటే అన్నా అని. హైదరాబాద్ అనగానే పక్కన పేపర్ చదువుతున్న పెద్దాయన తలెత్తి, "రహీం ఊరు" అన్నాడు. అంతే, మళ్లీ పేపర్‌లోకి వెళ్లిపోయాడు. 1951, 1962 ఏషియన్ గేమ్స్ బంగారు పతకాల జట్లకు కోచ్ ఎస్.ఎ. రహీం. 1950 నుంచి 54 దాకా వరసగా అయిదు రోవర్స్ కప్పులు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకూ ఆయనే. ఆ పేరు నేను మా ఊళ్లో టీ కొట్టు దగ్గర ఒక్కసారీ వినలేదు.

కుర్రాడు ఏసీ మెకానిక్. వచ్చీరాని ఇంగ్లిష్, నా వచ్చీరాని తమిళం కలిపి గంటసేపు మాట్లాడుకున్నాం. మ్యాచ్‌లు ఏడాదిలో సగం నెలలే కదా, మిగతా సగం ఏం చేస్తారని అడిగాను. ఫోన్ తీసి ఒక లిస్టు చూపించాడు. పేరు, ఊరు, బ్లడ్ గ్రూపు, ఆఖరుసారి రక్తం ఇచ్చిన తేదీ. తేదీ పక్కన ఎర్ర చుక్క ఉంటే ఇంకా మూడు నెలలు కాలేదని, ఫోన్ చేయకూడదని. అతని ఏరియాలో ఈ లిస్టు చూసేది అతనే. జట్టు గెలిచినా ఓడినా ఈ పని ఆగదు, ఎందుకంటే "ఆస్పత్రికి పాయింట్ల పట్టిక తెలీదు" అని నవ్వాడు.

రక్తదానం అభిమాన సంఘం పనేనని మన తెలుగువాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. 1998లో చిరంజీవి బ్లడ్ బ్యాంక్ పెట్టినప్పటి నుంచి మన ఊళ్లలో హీరో పుట్టినరోజంటే ఒకపక్క కటౌటు, ఇంకోపక్క శిబిరం. కేరళలో ఆ కటౌట్లు ఆటగాళ్లకి పెడతారు. 2022 వరల్డ్ కప్ అప్పుడు కోజికోడ్ దగ్గర పుల్లావూర్‌లో ఏటి మధ్యలో మెస్సీ, పక్కనే నెయ్‌మార్ బొమ్మలు నిలబెట్టింది ఇక్కడి అభిమానులే కదా. 2018 వరదల మాట వచ్చేసరికి మాత్రం కుర్రాడు నవ్వు ఆపేశాడు. ఇల్లిల్లూ తిరిగి బియ్యం, బట్టలు పోగుచేశామని, బస్సులేసుకుని బెంగళూరు మ్యాచ్‌లకి వెళ్లిన అలవాటు అప్పుడు అక్కరకొచ్చిందని అన్నాడు. ఏ ఊళ్లో ఎవరికి ఫోన్ చేయాలో, ఎవరి దగ్గర వ్యాన్ ఉందో ముందే తెలుసు.

సాయంత్రం నాలుగుకే స్టేడియం చుట్టూ పసుపు. మఫ్లర్లు, జెండాలు, ముఖాల మీద రంగులు అమ్మేవాళ్లు. నీళ్ల సీసాలు లోపలికి రానివ్వరు, కాబట్టి ముందే తాగి వెళ్లండి. మేం మా జెర్సీలే వేసుకున్నాం. పసుపులో పసుపు, ఎవరూ పట్టించుకోలేదు. తూర్పు గ్యాలరీ మంజప్పడ కోట. మా టికెట్లు దానికి కాస్త పక్కగా. డ్రమ్ములు మొదలయ్యాక పక్కవాడి మాట వినాలంటే చెవి దగ్గర నోరు పెట్టాలి. గచ్చిబౌలిలో మా అభిమానుల సంఘం డెక్కన్ లీజియన్ వాళ్లు గొంతు చించుకుని పాడేవాళ్లు, వాళ్ల వెనక వరసలో నేనూ పాడాను. కానీ అక్కడ ఖాళీ కుర్చీలు సగం శబ్దాన్ని మింగేసేవి. ఇక్కడ ఆ శబ్దాన్ని ఏదీ మింగలేకపోయింది.

13వ నిమిషంలో బ్లాస్టర్స్ ఆటగాడు హిమెనెజ్ గోల్. నా ముందున్న ముసలావిడ, అవును, అరవై దాటిన ఆవిడ, వెనక్కి తిరిగి నా భుజం మీద ఒక్కటి చరిచింది. పక్కనున్న కాలేజీ పిల్లాడు "వయనాడ్‌కి ఒక లక్ష!" అని అరిచాడు. తర్వాత అడిగితే చెప్పాడు. జులై 30న ముండక్కై, చూరల్‌మల మీద కొండ విరిగిపడ్డాక, ఆ సీజన్‌లో జట్టు కొట్టే ప్రతి గోల్‌కీ లక్ష రూపాయలు ఇస్తామని క్లబ్ ప్రకటించింది. గోల్ పడితే స్కోర్ ఎంతో అనే ముందు ఆ లక్ష గుర్తొచ్చినవాణ్ని అక్కడే చూశాను.

43లో మా ఆంద్రే ఆల్బా సమం చేశాడు. మేం ముగ్గురం ఒకరి మోకాలు ఒకరం గట్టిగా పట్టుకుని కూర్చున్నాం, నోరు విప్పలేదు. 70వ నిమిషంలో మాకు హ్యాండ్‌బాల్ పెనాల్టీ. స్టేడియం మొత్తం రిఫరీని తిడుతోంది, మలయాళం రాకపోయినా ఆ మాటలు అర్థమయ్యాయి. ఆల్బా కొట్టాడు, 2-1. నాకు తెలీకుండానే మూతి మీద నవ్వు వచ్చేసింది. కాలేజీ పిల్లాడు నా మొహం చూశాడు, జెర్సీ మీద లోగో చూశాడు, మళ్లీ మొహం చూశాడు. టెన్షన్‌తో చెమట పట్టింది. వాడు ఒళ్లో ఉన్న అరటికాయ చిప్స్ పొట్లం నా వైపు తోశాడు. "తినండి చేట్టా. కానీ మీ గోల్‌కి ఎవరూ లక్ష ఇవ్వరు."

ఓడిపోయాక కూడా తూర్పు గ్యాలరీ చాలాసేపు ఖాళీ కాలేదు. వాళ్లు భజనపరులూ కాదు. ఆ డిసెంబర్‌లోనే యాజమాన్యం తీరు బాగాలేదని, టికెట్లు కొనం, అమ్మం అని మంజప్పడ బహిరంగంగా చెప్పేసింది.

మిగతా రెండు రోజులు ఫోర్ట్ కొచ్చి. హైకోర్టు జెట్టీ నుంచి వాటర్ మెట్రో ఏసీ బోటు, 40 రూపాయలు. తీరిక ఉంటే ఎర్నాకుళం జెట్టీ నుంచి పాత ప్రభుత్వ బోటు ఎక్కండి, చాలా చవక, గాలి కూడా ఉచితం. ఒక ఇంటి మేడ మీద హోమ్‌స్టే, రోజుకి 1,800, ముగ్గురికీ. పొద్దున్నే బియ్యప్పిండితో ఆవిరి మీద చేసే పుట్టు, శనగల కూర. ఆ ఇంటావిడ మా ముగ్గురికి కలిపి మగ్గులు మూడు పెట్టింది, అది చూసి పెద్దగా నవ్వుకున్నాం. మధ్యాహ్నం భోజనంలో లావు ఎర్ర బియ్యం మాకు ఎక్కలేదు, పచ్చడి లేని భోజనం అసలెక్కలేదు. చేపల పులుసు వల్ల బతికిపోయాం. సాయంత్రాలు చైనా వలల దగ్గర టూరిస్టుల గుంపు కన్నా పరేడ్ గ్రౌండ్‌లో చెప్పుల్లేకుండా ఆడే పిల్లల్ని చూడ్డం మేలు. ఆటోవాళ్లతో మాత్రం ముందే బేరం చేసుకోండి, మీటరు ఉంది అంతే.

తర్వాతి ఏడాది, 2025లో, మా క్లబ్ ఢిల్లీ వెళ్లిపోయింది, పేరు కూడా మారింది. మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో రెండు రోజులు ఏడుపు బొమ్మలు, తర్వాత ఎవరో దాని పేరు "వీకెండ్ బ్యాడ్మింటన్" అని మార్చారు. మ్యాచ్ లేకపోతే మాకు ఒకరితో ఒకరికి పనేముంది?

డిసెంబర్‌లో మా ముగ్గురిలో ఒకతని మేనమామ శబరిమల నుంచి తిరిగొస్తూ జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. కొచ్చిలో ఆపరేషన్, బి నెగెటివ్ రెండు యూనిట్లు కావాలన్నారు. వెంట ఉన్న స్వాములెవరికీ ఆ గ్రూపు లేదు. ఏసీ మెకానిక్ నంబర్ నా ఫోన్‌లో "టిఫో కొచ్చి" అని ఉంది. మెసేజ్ పెట్టాను. రెండు గంటల్లో ఇద్దరొచ్చారు, ఒకడు డ్యూటీ మధ్యలోంచి. డబ్బులివ్వబోతే ఆటో ఖర్చు కూడా తీసుకోలేదట.

రాత్రి కుర్రాడి నుంచి మెసేజ్: "చేట్టా, ఆ జెర్సీ ఇంకా ఉందా?"

ఉందన్నాను.

"వేసుకుని రండి. పసుపే కదా."

మళ్లీ శబరిలో మూడు బెర్తులు చూస్తున్నాను, ఈసారి సంక్రాంతి దాటాక. లాడ్జి మాత్రం ఆ గల్లీలో కాదు.