ఆరు శనివారాల దంపతుల తరగతి: వెళ్లొచ్చిన ఒక భార్య అభిప్రాయం

కె.ఆర్.పురం వైపు ఒక తెలుగు సంఘం వాళ్లు నడిపే దంపతుల తరగతికి మేమిద్దరం ఆరు శనివారాలు వెళ్లొచ్చాం. సంఘం పేరు రాయడం లేదు. మాతోపాటు వచ్చినవాళ్లలో మాలాంటి ఇళ్లవాళ్లు ఇంకొందరు ఉన్నారు, వాళ్ల గుట్టు వాళ్లది. బెంగళూరులో తెలుగులో ఇలాంటి తరగతి దొరకడమే కష్టం కాబట్టి, వెళ్లాలా వద్దా అని ఆలోచించేవాళ్ల కోసం రాస్తున్నాను.

మాది తెనాలి దగ్గర పల్లె. పెళ్లయి పదమూడేళ్లు, ఒక పాప. రామమూర్తినగర్‌లో అద్దెకుంటాం. నేను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని, నెలలో సగం రోజులు నైట్ డ్యూటీ. ఏడాదిన్నర కిందట మా ఆయనకు వేరే ఆమెతో సంబంధం ఉందని తెలిసింది. ఎలా తెలిసిందో రాయలేను. తెలిసిన దగ్గర్నుంచి అందరూ నాకు చెప్పింది ఒక్కటే మాట. అత్తగారు, మా పెద్దమ్మ, ఊళ్లో చర్చి పాస్టరు అయ్యగారు కూడా, “ప్రార్థన చేసుకో అమ్మా, పాప మొహం చూసి సర్దుకుపో” అన్నారు. నీకెలా ఉందమ్మా అని ఒక్కరూ అడగలేదు. మా ఆయన ఈ తరగతికి పేరు రాయించి వచ్చినప్పుడు, ఇంకో పదిమంది ముందు కూర్చోబెట్టి అదే మాట చెప్పిస్తారని నాకు ఒకటే టెన్షన్.

నడిపేది రైల్వేలో రిటైరైన ఒక అంకుల్, ఆయన భార్య. సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా, ఒక స్కూలు పై అంతస్తులో. జంటకి పదిహేను వందలు. అందులోనే ఒక చిన్న వర్క్‌బుక్, టీ, బిస్కెట్లు. మా బ్యాచ్‌లో తొమ్మిది జంటలు.

మొదటి రోజు పది ఆజ్ఞలతో మొదలుపెడతారనుకున్నాను. “వ్యభిచరింపకూడదు” అనే మాట నిర్గమకాండం 20లో చిన్నప్పుడు సండే స్కూల్లో కంఠతా పట్టినదే. అంకుల్ మాత్రం రెండో సమూయేలు 23వ అధ్యాయం తియ్యమన్నారు. దావీదు రాజు దగ్గర ఉన్న పరాక్రమశాలుల పేర్ల పట్టిక అది. ఒక్కొక్కరం ఒక్కో వచనం చదివాం, నోరు తిరగని పేర్లన్నీ. ఆఖరి వచనం నా వంతుకి వచ్చింది. “హిత్తీయుడైన ఊరియా.” అక్కడితో ముప్పై ఏడుగురు, పట్టిక అయిపోయింది.

“ఆయనెవరో తెలుసా అమ్మా?” అన్నారు అంకుల్. తెలుసు, దావీదు ఆశపడి తీసుకున్న బత్షెబకి భర్త. కానీ దావీదు కోసం ప్రాణం పెట్టే సొంత మనుషుల్లో ఆయన ఒకడని నాకు ఆ రోజే తెలిసింది. ఇన్నేళ్లుగా విన్న ప్రసంగాలన్నీ దావీదు ఎలా పడిపోయాడు, ఎలా ఏడ్చాడు, 51వ కీర్తన ఎలా పాడాడు, ఇదే. ఊరియా ఎవరికీ పట్టలేదు. ఆ గంటన్నరా మేం ఊరియా వెనకే నడిచాం. బత్షెబ గర్భవతి అయిన సంగతి కప్పిపుచ్చడానికి దావీదు యుద్ధం నుంచి పిలిపిస్తే వచ్చాడు. తోటివాళ్లు బయట గుడారాల్లో పడుకుంటుంటే నేను ఇంటికెళ్లి ఎలా సుఖపడతానని రాజు గుమ్మం దగ్గరే పడుకున్నాడు. తాగించి పంపినా ఇంటికి పోలేదు. చివరికి తన చావు రాసి ఉన్న ఉత్తరాన్ని తన చేత్తోనే సేనాధిపతి యోవాబుకి మోసుకెళ్లాడు. ఆ చోట నేను లేచి బయటికొచ్చేశాను. ఏమీ తెలియకుండా నేను కూడా ఎన్ని రోజులు తెల్లారి డ్యూటీ దిగి వచ్చి ఆయనకి టిఫిన్ కట్టి పంపానో గుర్తొచ్చింది. ఆంటీ స్టీలు గ్లాసుతో మంచినీళ్లు తెచ్చిచ్చి, ఏమీ మాట్లాడకుండా మెట్ల మీద పక్కన కూర్చున్నారు.

బైబిల్ వాక్యం ఈ పాపాన్ని ఎందుకు అంత గట్టిగా వద్దంటుందో ఆ రోజు నాకు అర్థమైంది. నాతాను ప్రవక్త దావీదు దగ్గరికొచ్చి మోహం గురించి, శరీరం గురించి మాట్లాడలేదు. ఒక పేదవాడు, వాడికున్న ఒకే ఒక్క గొర్రెపిల్ల, వాడి గిన్నెలో తాగి వాడి ఒడిలో పడుకునేది, దాన్ని బోలెడు మందలున్న ఒకడు లాక్కున్నాడని చెప్పాడు. దావీదు కోపంతో ఊగిపోయాక “ఆ మనుష్యుడవు నీవే” అన్నాడు. అంటే అది ఒకరి ఇంట్లోంచి దోచుకోవడం. ఇంకో అక్క “బత్షెబ మేడ మీద స్నానం చెయ్యడం ఎందుకు?” అని అడిగితే ఆంటీ మళ్లీ చదివించారు. మేడ మీద తిరుగుతున్నది దావీదు. ఆమె మేడ మీద ఉందని అక్కడ లేనే లేదు. నలభై ఏళ్లుగా అలాగే అనుకుంటున్నానని ఆ అక్క అక్కడే చెప్పింది. మత్తయి మొదటి అధ్యాయంలో యేసు వంశావళిలోనూ బత్షెబ పేరు రాయలేదు, ఊరియా భార్య అనే రాశారు. అన్ని తరాల తర్వాత కూడా అన్యాయమైపోయినవాడి పేరు అక్కడ ఉంచారు. ఈ మాట చాలాసార్లు తలుచుకుంటున్నాను.

రెండో వారం చట్టం గురించి. ఐటీలో పనిచేసే ఒక తమ్ముడు లేచి, “సుప్రీంకోర్టే వ్యభిచారం నేరం కాదంది కదా అంకుల్” అన్నాడు. అంకుల్ ఓపిగ్గా చెప్పారు. 2018 సెప్టెంబరు 27న వ్యభిచారాన్ని నేరంగా చూసిన 497 సెక్షన్‌ని కోర్టు కొట్టేసిన మాట నిజం. ఆ సెక్షన్లో భార్యకి ఫిర్యాదు చేసే హక్కే లేదు, భర్త ఒప్పుకుంటే అసలు నేరమే కాదు, అంటే భార్యని భర్త ఆస్తిలా చూసిన చట్టం అది. పోయినందుకు బాధపడక్కర్లేదు, విడాకులకి మాత్రం వ్యభిచారం ఇప్పటికీ ఒక కారణమే అన్నారు. ఇంకో సంగతి విని నేను ఆశ్చర్యపోయాను. మన క్రైస్తవులకి వర్తించే 1869 నాటి విడాకుల చట్టంలో, 2001లో సవరించేదాకా, భర్తకైతే భార్య వ్యభిచారం ఒక్కటి చాలు. భార్య అడగాలంటే మామూలుగా దానికి తోడు క్రూరత్వమో, వదిలేసి పోవడమో ఇంకోటి చూపించాలి. పాత నిబంధన కాలంలోనూ మగవాడికి ఒకరికంటే ఎక్కువమంది భార్యలు ఉండేవాళ్లని, లెక్క సమానంగా ఉండేది కాదని అంకుల్ దాచకుండా చెప్పారు. ఆ తర్వాత మార్కు 10:11 చదివించారు. భార్యని విడిచి ఇంకొకామెని చేసుకునేవాడు ఆమె విషయంలోనే వ్యభిచరిస్తున్నాడని యేసు అంటాడు. దెబ్బ తిన్నది భార్య అని ఆయన నోటితో చెప్పాడు. భర్త శరీరం మీద భార్యకి అధికారం ఉందని పౌలు కొరింథీయులకి రాశాడు. ఆ కాలానికి అది ఎంత పెద్ద మాట! ఇది మా ఊళ్లో ఏ ఆదివారమూ వినలేదు నేను.

మూడో వారం డబ్బు, ఫోన్ల గురించి. పర్వాలేదు.

నాలుగో వారం నాకు నచ్చలేదు, అందుకే ఐదుకి నాలుగు చుక్కలే ఇస్తున్నాను. బయటి నుంచి ఒక బ్రదర్ వచ్చి హోషేయ ప్రవక్త గురించి చెప్పారు. వెళ్లిపోయిన భార్యని హోషేయ 15 తులాల వెండీ, యవలూ ఇచ్చి మళ్లీ తెచ్చుకున్నాడు, కాబట్టి సిస్టర్స్, మీరు క్షమించి తీరాలి, ఇవాళే, ఇప్పుడే చేతులెత్తండి అన్నారు. నేను ఎత్తలేదు. మత్తయి 19:9లో భార్యని విడిచిపెట్టకూడదంటూనే యేసే ఈ ఒక్క పాపాన్ని విడిగా తీసి చెప్పాడు కదండీ, అది చదవరేం అని అడిగాను. ఆయన టైమ్ అయిపోయిందన్నారు. టీ దగ్గర ఆంటీ నా చెయ్యి పట్టుకుని, “హోషేయ జాగాలో ఉన్నది దేవుడమ్మా. తన జనం తనని ఎన్నిసార్లు మోసం చేసిందో చెప్పుకున్నాడు. నీ మెడ మీద పెట్టడానికి రాయలేదు అది” అన్నారు. తరగతి వాళ్లకి నా మనవి, ఆ వారం కూడా మీరిద్దరే చెప్పండి. దెబ్బ ఇంకా పచ్చిగా ఉన్నవాళ్లని అందరి ముందు చేతులెత్తమనడం చాలా పెద్ద తప్పు.

ఐదో వారం వర్క్‌బుక్‌లో ఒక ఖాళీ పేజీ ఉంటుంది. మాట తప్పితే ఎవరెవరికి దెబ్బ తగులుతుందో, లేదా తగిలిందో, పేర్లు రాయాలి. మాట్లాడుకోకూడదు, ఇరవై నిమిషాలు. మా ఆయన బాల్‌పెన్‌తో ఒత్తి రాస్తారు, వెనక పేజీ మీద కూడా అక్షరాలు పొంగి కనిపిస్తాయి. మొదట నా పేరు. తర్వాత పాప. తర్వాత మా నాన్న పేరు; చర్చిలో నా చెయ్యి ఆయన చేతిలో పెట్టింది నాన్నే. చాలాసేపు ఆగి నాలుగో పేరు రాశారు. అది ఆ ఆమె భర్త పేరు. ఆయన గురించి నేను కూడా ఏడాదిన్నరలో ఒక్కసారీ ఆలోచించలేదు. ఆ పేజీ చూశాక మొదటిసారి నాకు అనిపించింది, ఈయనకి ఏం చేశారో అర్థమవుతోందని.

వెళ్లేవాళ్లకి కొన్ని మాటలు. పిల్లల్ని చూసుకునే ఏర్పాటు లేదు. మేం పాపని పక్కింటి అక్క దగ్గర వదిలి వెళ్లాం. ఏర్పాటు చేస్తే చిన్న పిల్లలున్నవాళ్లు ఇంకా వస్తారు. టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ దాటి రావాలంటే శనివారం సాయంత్రం గంట ముందే బయల్దేరండి. వర్క్‌బుక్‌లో అక్షరాలు మరీ సన్నం. బైబిల్ ఎవరిది వాళ్లు తెచ్చుకోండి. ఇంట్లో చెయ్యి చేసుకునే మనిషి ఉంటే మాత్రం ఈ తరగతికి రాకండి, ముందు మీ క్షేమం చూసుకోండి. ఆంటీ కూడా మొదటి రోజే ఇది స్పష్టంగా చెప్పారు.

ఆరో వారం పేజీలో రెండు గళ్లు ఉంటాయి, భర్తకొకటి, భార్యకొకటి. పెళ్లినాడు దేవుని ఎదుట ఇచ్చిన మాటని మళ్లీ మీ సొంత మాటల్లో రాయమంటారు. మా ఆయన తన గడి నింపారు. నా గడిలో పెన్సిల్‌తో ఆ రోజు తేదీ వేసి పుస్తకం మూశాను. అంకుల్ చూసి, “తొందరేం లేదమ్మా” అన్నారు. పుస్తకం ఇప్పుడు మా బీరువాలో, పాప స్కూలు కాగితాల కింద ఉంది.