పాత మిషనా, కొత్త మిషనా: కావలి నుంచి నా లెక్క

పొగ కంటే ముందు వాసన వచ్చింది. కాలిన వార్నిష్ వాసన. పద్దెనిమిది ఎం.ఎం. ప్లైవుడ్ షీటుకి సగం దాకా కోత పెట్టి ఉన్నాను. వరండాలో కుర్చీలో కూర్చున్న నాన్న "ఆపమ్మాయ్, ఆర్మేచర్ పోతా ఉంది" అని అరిచాడు. ఆర్మేచర్ అంటే మోటారు లోపల తిరిగే రాగి తీగ చుట్ట. స్విచ్ మీద నుంచి వేలు తీసేలోపే పోయింది. పాత రంపం మిషను కొని సరిగ్గా ఇరవై మూడో రోజు.

మా నాన్న వడ్రంగి. బాడిస, ఉలి, చిత్రిక, చేతి రంపం, ఇవి తప్ప వేరే పనిముట్టు పట్టకుండా నలభై ఏళ్లు తలుపులూ దర్వాజాలూ చేశాడు. నేను కావలిలో లెక్కల టీచర్ని. మా స్కూలుకి పుస్తకాల అల్మరాలు కావాలంటే బయట చెప్పిన రేటు విని, "నేనే చేస్తా" అని నోరు జారాను. అక్కడ మొదలైన పిచ్చి ఇది. రెండేళ్లలో నాలుగు మిషన్లు కొన్నాను. ఒకటి కొత్తది, మూడు పాతవి. ఆ మూడింటిలో ఒకటి నన్ను నిలువునా ముంచింది, మిగతా రెండూ బంగారం. ఎందుకలా అయిందో తెలియడానికి నాకు ఆరు వేలు ఖర్చయింది. మీకు ఉచితంగా చెబుతున్నా.

ముందు ముంచినదాని సంగతి. ఒంగోలులో పాత మిషన్లు అమ్మే ఒక షాపులో కొన్నాను. ఏడంగుళాల బ్లేడు పట్టే సర్క్యులర్ సా, అంటే చేత్తో పట్టుకుని కోసే గుండ్రటి రంపం. పేరున్న కంపెనీదే. ఒళ్లంతా తుడిచి, కొత్త వైరు వేసి, పెళ్లికొడుకులా తయారు చేసి పెట్టారు. "రెండేళ్లు కూడా వాడలేదు మేడం, ఇంటీరియర్ పని చేసే అతనిది" అన్నాడు షాపతను. కొత్తదైతే ఎనిమిది వేల పైమాట, ఇది మూడు వేల ఎనిమిది వందలు. నేను అడిగింది ఒక్కటే ప్రశ్న: ఎన్నేళ్లు వాడారు? అడగాల్సింది అది కాదని తర్వాత తెలిసింది.

కాలిపోయిన మిషను పట్టుకుని మా ఊళ్లో మోటార్లు చుట్టే అతని దగ్గరికి వెళ్లాను. ఆయన నాలుగు స్క్రూలు తీసి, మోటారు భాగాన్ని పాత పేపరు మీద బోర్లించి తట్టాడు. బూడిద రంగు పొడి, సన్నగా, గుప్పెడు పడింది. రంపం పొట్టు అన్నది చిటికెడు కూడా లేదు. ఆ పొడి రెండు వేళ్ల మధ్య నలిపి చూడమన్నాడు. గరగరలాడింది.

"ఇది చెక్క కోసిన మిషను కాదు మేడం. రాయి కోసింది" అన్నాడు.

ఒంగోలుకి కూతవేటు దూరంలో చీమకుర్తి ఉందన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. అక్కడి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ దేశదేశాలకు పోతుంది. దాన్ని కోసిన దుమ్ము మాత్రం ఇలా మన చుట్టుపక్కల మిషన్ల కడుపుల్లోనే ఉండిపోతుంది. చెక్క బ్లేడు తీసేసి డైమండ్ బ్లేడు వేసి రాయి కోసినట్టున్నారు. చేతిమిషన్ల మోటారులో ఒక ఫ్యాను ఉంటుంది. మోటారు వేడెక్కకుండా బయటి గాలి లోపలికి లాగుతుంది. గాలితోపాటు దుమ్ము కూడా లోపలికి పోతుంది. చెక్క పొట్టయితే గాలి దారులు పూడ్చి మోటారుని ఉక్కిరిబిక్కిరి చేస్తుంది గానీ, దులిపితే పోతుంది. రాతి దుమ్ము అలా కాదు. అది ఉప్పుకాగితం. ఆర్మేచర్‌కి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు రాసుకునే రాగి ఉంగరాన్ని, అంటే కమ్యుటేటర్‌ని గీస్తుంది, బేరింగుల్లో దూరుతుంది, రాగి తీగ మీది ఎనామెల్ పూతని కొరుకుతుంది. పూత పోయిన తీగలు ఒకదానికొకటి తగిలాయంటే కాలడమే.

ఆర్మేచర్ పద్నాలుగు వందలు, రెండు బేరింగులు మూడు వందలు, కార్బన్లు నూట ఇరవై, కూలి నాలుగు వందలు. మొత్తం రెండు వేల రెండు వందల ఇరవై. కొన్నదానితో కలిపితే ఆరు వేల ఇరవై. బస్సు ఛార్జీలు, పోయిన ఆదివారం, పాడైన ప్లైవుడ్ షీటు లెక్కలో వేయలేదు. వేస్తే కొత్తది వచ్చేది. లెక్కల టీచర్ని అని చెప్పుకోవడానికి ఆ రోజు సిగ్గేసింది. పైగా అంత పెట్టి బాగు చేయించాక నాలుగు నెలలు తిరిగి, గేరు అరగడం మొదలైంది. ఇప్పుడు అటక మీద ఉంది. పదికి రెండు మార్కులు, అవీ వైరు కొత్తది కాబట్టి.

ఆ తర్వాత నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక టూల్స్ షాపుకి వెళ్లి కొత్తది తీసుకున్నాను. కౌంటరు దగ్గర అబ్బాయి "సార్ రాలేదా మేడం?" అన్నాడు. "మా సార్‌కి చెక్క పొట్టంటే తుమ్ములు, నాకే చూపించండి" అన్నాను. బాష్ జీకేఎస్ 190 తెచ్చి పెట్టాడు. 1400 వాట్లు, ఏడంగుళాల పైన బ్లేడు. నాలుగు కిలోల పైన బరువు, మొదటి వారం మణికట్టు నొప్పి పుట్టింది. కానీ కోత నిదానంగా, నిటారుగా పోతుంది. ప్లైవుడ్ అంచు చిట్లకుండా నలభై పళ్ల కార్బైడ్ బ్లేడు విడిగా కొన్నాను. మిషను కొనే డబ్బులో కొంత బ్లేడు కోసం పక్కన పెట్టుకోండి. మొద్దు బ్లేడు వేస్తే కొత్త మిషను కూడా ముసలిదానిలా మూలుగుతుంది.

కొత్తదానిలో నాకు నిజంగా నచ్చింది మోటారు కాదు, బ్లేడుని కప్పే కింది గార్డు. కోస్తున్నప్పుడు వెనక్కి పోతుంది, చెక్క దాటగానే స్ప్రింగుతో టక్కున మూసుకుంటుంది. పాత షాపుల్లో నేను చూసిన మిషన్లు చాలావాటికి ఆ గార్డు ఉండదు, లేదా తీగతో కట్టేసి ఉంటుంది. "గార్డు తీసేస్తే పని తొందరగా అవుద్ది" అంటారు. వేళ్లు కూడా తొందరగానే పోతాయి. ఇంకో అలవాటు ఉంది మనవైపు: నాలుగంగుళాల మార్బుల్ కట్టర్‌కి చెక్క బ్లేడు బిగించి ప్లైవుడ్ కోయడం. చవక, చేతిలో తేలిక, అందరూ చేస్తున్నారు. కానీ అది రాయి కోయడానికి చేసింది. నిమిషానికి పన్నెండు వేల చుట్లకు అటూ ఇటూ తిరుగుతుంది, మూసుకునే గార్డు ఉండదు. పాతది చవకగా వస్తోంది కదా అని అది మాత్రం కొనకండి. ఈ ఒక్క విషయంలో నాతో వాదించొద్దు.

ఆ షాపు మీద ఒక ఫిర్యాదు. వారంటీ కార్డు మీద ముద్ర వేయకుండా ఇచ్చారు. ఇంటికొచ్చి చూసుకుని, మళ్లీ బస్సెక్కి వెళ్లి వేయించుకున్నాను. బిల్లు, ముద్ర, మిషను మీది నంబరు కార్డు మీద రాశారా లేదా, ఈ మూడూ కౌంటరు దగ్గరే చూసుకోండి. మనం పద్దెనిమిది శాతం జీఎస్టీ కట్టి కొత్తది కొనేది దీని కోసమే.

ఇక బంగారం లాంటి పాతవి.

ప్లేనర్, అంటే కరెంటు చిత్రిక. మకీటా 1900బి, మూడుంపావు అంగుళాల వెడల్పు పడుతుంది. నాన్నతో కలిసి పని చేసిన ఒక మామ బిట్రగుంటలో ఉంటాడు. మోకాళ్లు పోయి పని మానేశాడు. ఆయనది పదకొండేళ్ల మిషను. ఒంగోలు షాపతను చెప్పిన వయసు కంటే ఐదు రెట్లు ఎక్కువ. కానీ ఆ పదకొండేళ్లూ అది టేకూ వేపా తప్ప వేరేది ముట్టలేదు. మామ దాన్ని గోనెసంచిలో చుట్టి, బ్లేడ్లకు నూనె రాసి పెట్టాడు. విప్పితే లోపల ఎర్రటి మెత్తటి పొట్టు, అంతే. మూడు వేల ఐదు వందలన్నాడు. నేను బేరం ఆడబోతే నాన్న నా చెయ్యి నొక్కాడు. "ఆయప్ప దాన్ని బిడ్డ మాదిరి చూసుకున్నాడు, ఇచ్చేయ్" అన్నాడు. ఇచ్చేశాను.

దాన్ని పరీక్ష చేయడానికి వాడింది ఏంటో తెలుసా? గ్రానైటే. వంటింటి గట్టు వేయించినప్పుడు మిగిలిన ముక్క ఒకటి దొడ్లో పడి ఉంది. పాలిష్ పట్టిన గ్రానైట్ ముక్కంత చదునైనది మామూలు ఇంట్లో ఇంకోటి దొరకదు. ప్లేనర్ లోతు సున్నాకి పెట్టి, బ్లేడ్లు పైకి తిప్పి, దాని మీద కూర్చోబెట్టి వెనక టార్చి వేశాను. ముందు పలకా వెనక పలకా రెండూ రాయికి అతుక్కుంటే వెలుతురు రాదు. ఒక మూల సన్నటి గీత కనబడిందంటే పలక వంగినట్టు. దీనికి రాలేదు. నన్ను ముంచిన రాయి ఈసారి నాకు సాక్ష్యం చెప్పింది.

మూడోది టేబుల్ సా, అంటే బల్ల మధ్యలోంచి బ్లేడు పైకి లేచే రంపం. సింగరాయకొండ దగ్గర ఒక ఫర్నిచర్ వర్క్‌షాపు ఎత్తేస్తున్నారని తెలిసి వెళ్లాను. పోత ఇనుము బల్ల, కింద రెండు హార్స్‌పవర్ మోటారు, బెల్టు. దాని ఒంటి మీద కంపెనీ పేరు కూడా చెరిగిపోయింది. పదహారు వేలు. టాటా ఏస్‌కి పదిహేను వందలు. దించడానికి నలుగురు, వాళ్లకి టీలూ బజ్జీలూ.

ఇలాంటి పెద్ద మిషను పాతదే కొనమంటాను నేను, కొత్తది కొనేంత డబ్బున్నా సరే. చేతిమిషన్లలో ఉండే మోటారు వేరు, దీనిది వేరు. ఇది ఇండక్షన్ మోటారు, మన బావి దగ్గర నీళ్ల పంపుకి ఉండేలాంటిది. కార్బన్లు లేవు, రాసుకునేది లేదు. నిదానంగా, దిట్టంగా తిరుగుతుంది. పోతే బేరింగులు పోతాయి, లేదా కెపాసిటర్ పోతుంది. రెండూ నేను మార్పించాను, బెల్టుతో కలిపి పదకొండు వందల యాభై. పోత ఇనుము బల్లకి వయసు పెరిగితే నష్టం లేదు. తుప్పొక్కటే దాని శత్రువు. మాకు తుమ్మలపెంట సముద్రం దగ్గర, ఉప్పుగాలి వారం తిరక్కుండా బల్ల మీద ఎర్రగా పూస్తుంది. నూనె రాస్తే చెక్కకి మరక అంటుతుంది. కొవ్వొత్తి రుద్ది గుడ్డతో తుడిస్తే సరిపోతోంది, చెక్క కూడా బల్ల మీద జారుతుంది.

దానికి ఒక లోపం ఉంది. బ్లేడు వెనక ఉండాల్సిన రెక్క లేదు. కోసిన చెక్క మళ్లీ దగ్గరికి ముడుచుకుని బ్లేడుని పట్టేయకుండా ఆ రెక్క అడ్డం నిలబడుతుంది. అది లేకపోతే చెక్క ఎదురు తంతుంది, ఛాతీకి గానీ పొట్టకి గానీ. వెల్డింగ్ షాపులో బ్లేడు కోత కంటే పిసరు పలచగా రేకు కోయించి బిగించేదాకా నాన్న నన్ను స్విచ్ వేయనివ్వలేదు. ఇంకోటి, మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు ఇంట్లో లైట్లు ఒక్కసారి మసకబారతాయి. కరెంటు ఆఫీసులో లోడు పెంచమని దరఖాస్తు పెట్టి, డబ్బు కట్టి, విడిగా వైరు లాగించాను. పాత టేబుల్ సా ధరలో ఇది కూడా కలుపుకోండి.

బ్యాటరీ డ్రిల్లులు పాతవి వద్దు. మా బాబాయి కొడుకు ఒకటి అంటగట్టబోయాడు. మిషను బాగానే ఉంటుంది, లోపలి బ్యాటరీ వయసు మాత్రం పైకి కనబడదు. కొత్త బ్యాటరీ ధర విన్నాక తమ్ముడికే తిరిగి ఇచ్చేశాను.

ఇప్పుడు నేను పాత చేతిమిషను చూడ్డానికి వెళితే ఎన్నేళ్లదని అడగను. ఏం కోశారని అడుగుతాను, జవాబు నమ్మకుండా నేనే చూస్తాను. గాలి రంధ్రాల్లో పుల్ల పెట్టి గీకి, వచ్చిన దుమ్ము అరచేతిలో నలుపుతాను. ప్లగ్గు తీసి బ్లేడుని చేత్తో తిప్పుతాను, గరగర వినబడితే అక్కడితో సరి. ఆడుతోందేమో అని పక్కలకు ఊపుతాను. తర్వాత షాపు లైటు ఆపమని, ఆ చీకట్లో మిషను వేయమంటాను. కార్బన్ల దగ్గర చిన్న నీలం చుక్కలు మెరిస్తే పర్లేదు. కమ్యుటేటర్ చుట్టూ నిప్పు ఉంగరంలా తిరిగితే దండం పెట్టి వచ్చేస్తాను. ఐదు నిమిషాలు ఆపకుండా తిప్పమంటే నసిగేవాడి దగ్గర కొనను. ధర కొత్తదానిలో సగానికి మించితే అసలు బయల్దేరను.

ఇప్పుడు ట్రిమ్మర్ కావాలి, అల్మరా అంచులు గుండ్రంగా తీయడానికి. ఒంగోలులోనే ఒకతని దగ్గర పాతది ఉందట, రెండు వేలకి ఇస్తాడట. "దేనికి వాడారబ్బయా?" అని ఫోన్లో అడిగితే, "సన్‌మైకా అంచులకి మేడం, అంతే" అన్నాడు. ఈ ఆదివారం రైల్లో వెళ్తున్నాను. నాన్న కూడా వస్తానన్నాడు. మోకాళ్లు నొప్పులు కదా, ఎందుకు నాన్నా అన్నాను. "నీకు కళ్లున్నాయి గానీ ముక్కు లేదు" అన్నాడు.