ఎకరం పాతిక గడ్డి, ఆరు వేసవులు: మా రైడింగ్ మోవర్ సంగతి

అట్లాంటాకి ఉత్తరాన, కమింగ్ అనే ఊరి దగ్గర మేం ఇల్లు కొన్నప్పుడు చూడ్డానికి వచ్చినవాళ్లంతా వంటగది మెచ్చుకున్నారు. నేను మాత్రం వెనకాల గడ్డి చూసి దిగులుపడ్డాను. మొత్తం ఎకరం పాతిక సెంట్లు. ఇల్లూ డ్రైవ్‌వే పోను దాదాపు ఎకరం గడ్డే. ఎండ పడేచోట బెర్ముడా రకం, చెట్ల నీడలో ఫెస్క్యూ రకం, వెనక వైపు వాలు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా వారం వారం కోయాల్సిందే. రెండు వారాలు ఇండియా వెళ్లొస్తే మన వరి మడి గుర్తొస్తుంది. తోసుకుంటూ నడిచే మోవర్‌తో, అంటే గడ్డి కోసే యంత్రంతో, ఒక సీజన్ లాగేసరికి నా నడుం మాట వినడం మానేసింది.

అలా 2019లో, మీద కూర్చుని తోలే రైడింగ్ మోవర్ కొన్నాను. 42 అంగుళాల డెక్ (బ్లేడ్లని కప్పి ఉంచే రేకు తొడుగు), దాని కింద రెండు బ్లేడ్లు, 17.5 హార్స్‌పవర్ సింగిల్ సిలిండర్ ఇంజన్, గేర్లు మార్చే పని లేని హైడ్రోస్టాటిక్. పన్నులతో కలిపి 1,700 డాలర్ల లోపే అయింది. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ ధరలో దొరికే బండ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి, నాకొచ్చిన తిప్పలు ఏ రంగు బండికైనా వస్తాయి. ఇప్పుడు మీటరు మీద 240 గంటలు దాటాయి. మొదటి రెండేళ్లయ్యాక ఈ సమీక్ష రాసి ఉంటే కళ్లు మూసుకుని ఐదు నక్షత్రాలు ఇచ్చేవాణ్ణి. ఆయిల్ మార్చడం తప్ప ఏమీ చేయలేదు మరి.

తిప్పలు 2021 జూన్‌లో మొదలయ్యాయి. బండి ఒక్క తిప్పుకే స్టార్టయ్యేది. ముందు యార్డంతా చక్కగా కోసేది. ఇరవై నిమిషాలో అరగంటో గడిచాక, సరిగ్గా వెనక వాలు ఎక్కేటప్పుడు, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఇంజన్ గుటకలు వేసేది. బ్లేడ్లు ఆపేస్తే కాస్త తేరుకునేది. మళ్లీ కలిపితే నీరసం, ఆ తర్వాత ఆగిపోవడం. పది నిమిషాలు పోయాక తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది.

నేను చేసే ఉద్యోగం సాఫ్ట్‌వేర్. బగ్ ఎక్కడుందో తెలియనప్పుడు అనుమానం వచ్చిన ప్రతి ఫైలూ కెలకడం మా కులవృత్తి. ఇక్కడా అదే చేశాను. ఎయిర్ ఫిల్టర్ మార్చాను, తేడా లేదు. స్పార్క్ ప్లగ్గు మార్చాను, తేడా లేదు. పెట్రోలు ఫిల్టర్ మార్చాను, ఆ శనివారం బాగానే నడిచి పై శనివారం మళ్లీ మొదటికొచ్చింది. రిపేరు షాపుకి ఫోన్ చేస్తే బండి తీసుకెళ్లడానికే వంద డాలర్లు, వంతు రావడానికి మూడు వారాలు అన్నారు. మూడు వారాల్లో గడ్డి మోకాలు దాటుతుంది. వీడియోలు చూసి, ఆన్‌లైన్‌లో పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజనుకిచ్చే కార్బురేటర్ పాతిక డాలర్లకి కొత్తది తెప్పించి బిగించాను. దాంతో ఉన్న రోగం పోలేదు సరికదా, ఇంకోటి తోడైంది. ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఇంజన్ ఎగదీస్తూ దిగదీస్తూ ఊగిసలాడటం మొదలుపెట్టింది. అసలు కార్బురేటర్‌నే విప్పి, పెట్రోలు వెళ్లే సన్నటి చిల్లు, జెట్‌లో క్లీనర్ కొట్టి, మళ్లీ ఎక్కించాను. ఆ చవక కార్బురేటర్ ఇప్పటికీ షెడ్డులో మేకుకి వేలాడుతోంది. మా ఆవిడ దాన్ని నా డిగ్రీ సర్టిఫికెట్ అంటుంది.

ఈ గొడవలో ఒక విచిత్రం గమనించాను గానీ దాని అర్థం అప్పుడు బుర్రకెక్కలేదు. ట్యాంకు నిండా పోసిన రోజు బండి త్వరగా ఆగేది, సగమే ఉన్న రోజు ఎక్కువసేపు నడిచేది. నిండు కడుపుతో ఉన్నది ముందు సొమ్మసిల్లడమేమిటి?

పక్కింట్లో ఒక పెద్దాయన ఉంటాడు, రిటైరయ్యాడు. నేను మూడోసారి బానెట్ ఎత్తడం చూసి కంచె దగ్గరికి వచ్చాడు. ఈసారి ఆగినప్పుడు ఏమీ విప్పొద్దు, పెట్రోలు మూత ఒక్కటి వదులు చేసి చెవి పెట్టి విను అన్నాడు. చెప్పినట్టే చేశాను. మూత తిప్పగానే సోడా మూత విప్పినట్టు ఉస్సుమంది. తేడా ఏమిటంటే, సోడాలో గాలి బయటికొస్తుంది, ఇక్కడ లోపలికి పోయింది. తాళం తిప్పితే వెంటనే స్టార్టయింది.

మా ఊళ్లో కిరాణా కొట్టు శెట్టిగారు 15 కిలోల నూనె డబ్బా విప్పేటప్పుడు ఒక మూల చిల్లు పెట్టి, ఎదుటి మూలలో ఇంకో చిన్న చిల్లు పొడిచేవాడు. రెండోది లేకపోతే నూనె గుటక గుటకగా వచ్చి ఆగిపోతుంది. మోవర్ మూతలో ఉండే సన్నటి గాలి దారిదీ అదే పని. ట్యాంకులోంచి పెట్రోలు దిగినంత మేర పైనుంచి గాలి రావాలి. రాకపోతే లోపల శూన్యం ఏర్పడి పెట్రోలుని పైకి పట్టేస్తుంది. నా మూతలో దుమ్మూ గడ్డి పొట్టూ చేరి ఆ దారి చాలామటుకు మూసుకుపోయింది. ఉత్తినే తిరిగే ఇంజనుకి ఆ కాస్త గాలి సరిపోయేది. బ్లేడ్లు కలిపి వాలెక్కితే తాగుడు పెరిగి, చాలేది కాదు. ట్యాంకు నిండుగా ఉంటే పైన ఖాళీ తక్కువ కాబట్టి ఆ శూన్యం ఇంకా త్వరగా ఏర్పడుతుంది. నిండు కడుపు రహస్యం అదీ. కొత్త మూత పదిహేను డాలర్ల లోపు. దానికి ముందు ఇతర సామాన్ల మీద పోసింది దాదాపు తొంభై.

కొంత నడిచాక, వేడెక్కాక నీరసించే బండికి ఇంకో అనుమానితుడు కూడా ఉన్నాడు, ప్లగ్గుకి కరెంటు పంపే ఇగ్నిషన్ కాయిల్. వేడికి అది చచ్చిపోయి, చల్లారాక మళ్లీ బతుకుతుంది. తేడా పట్టడం తేలికే. ఆగిన వెంటనే, చల్లారనివ్వకుండా, మూత వదులు చేసి స్టార్ట్ చేయండి. నడిస్తే గాలి దారి సమస్య. నడవకపోతే స్పార్క్ టెస్టర్ పెట్టి నిప్పురవ్వ వస్తోందో లేదో చూడాలి. ఆ టెస్టర్ పది డాలర్లు కూడా ఉండదు. నేను కార్బురేటర్ కంటే ముందు కొనాల్సింది అది.

2022లో అమ్మానాన్నలు ఆరు నెలలుందామని వచ్చారు. నాన్నది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు, జీవితమంతా సేద్యం. సాయంత్రం ఇంటి వెనక చెక్క అరుగు మీద కుర్చీ వేసుకుని నేను గడ్డి కోయడం చూడటమే ఆయనకి టీవీ. ఆ ఏడు బండి మళ్లీ బరువుగా లాగుతోంది. ఆగడం లేదు గానీ, దట్టంగా ఉన్నచోట గొంతు దిగిపోతోంది. మూత బాగానే ఉంది, ఫిల్టర్లు కొత్తవి.

"ఒరే, బండి అట్లా మూలుగుతుంటే ఇంకా తోలతావేంట్రా?" అన్నాడు నాన్న.

"ఇంజన్‌లో ఏదో ఉంది నాన్నా, చూడాలి."

"ఇంజను సంగతి తర్వాత. ముందు కత్తి చూపించు."

తాళం తీసి, ప్లగ్గు వైరు పీకేసి, ముందు చక్రాలు ర్యాంపు మీదికెక్కించి, వెనక చక్రాలకి దిమ్మెలు పెట్టి, డెక్ కింద చూశాం. వైరు పీకకుండా బ్లేడు మీద చెయ్యి వేయొద్దు, ఈ ఒక్క విషయంలో నాన్నకీ మాన్యువల్‌కీ ఏకాభిప్రాయం ఉంది. లోపల రెండంగుళాల మందాన తడి గడ్డి పేరుకుని, ఎండి, పిడకలా అతుక్కుని ఉంది. కోసిన గడ్డి బయటికి పోవడానికి దారేది? అక్కడక్కడే తిరిగి మళ్లీ బ్లేడ్ల మీదే పడుతోంది. బ్లేడు విప్పితే నాన్న అంచు మీద బొటనవేలు ఆన్చి నవ్వాడు. అట్లకాడ అంచు ఇంతకంటే పదునుగా ఉంటుంది అన్నాడు. మూడేళ్లలో నేను వాటిని ఒక్కసారీ సానపట్టలేదు. పైగా జార్జియా ఎర్రమట్టిలో గులకరాళ్లకి కొదవ లేదు.

"మొద్దు కొడవలితో కోస్తే చెయ్యి పడిపోద్ది గానీ గడ్డి తెగదు. నీ ఇంజనుకీ అంతే."

ఆకురాయితో గంటసేపు కూర్చుని రెండు బ్లేడ్లూ ఆయనే పదును పెట్టాడు. నేను గ్రైండర్ తెస్తానంటే వద్దన్నాడు, ఎక్కువ కాలిస్తే ఉక్కు మెత్తబడుతుందట. అది నిజమే. తర్వాత గోడకి మేకు కొట్టి, బ్లేడు మధ్య చిల్లు దానికి తగిలించి, ఏ వైపు వాలుతుందో చూసి, బరువున్న వైపు ఇంకాస్త రాశాం. రెండు వైపులూ సమంగా లేకపోతే బ్లేడు తిరిగే ఇరుసు, స్పిండిల్ బేరింగులు పోతాయి. డెక్ గీకి మళ్లీ కోస్తే బండి బరువే దిగిపోయినట్టుంది. ఇప్పుడు పాతిక గంటలకోసారి పదును, తడిలో కోసిన ప్రతిసారీ డెక్ కింద గీకుడు.

కొత్తలో నేను చేసిన ఇంకో పొరపాటు కూడా అప్పుడే తెలిసొచ్చింది. పెట్రోలు కలిసొస్తుందని, ఇంజన్ వేగం పెంచే థ్రాటిల్ సగంలో పెట్టి కోసేవాణ్ణి. అమెరికా ప్రమాణాల ప్రకారం బ్లేడు కొస వేగం నిమిషానికి 19,000 అడుగులు దాటకూడదు, అంటే గంటకి దాదాపు 350 కిలోమీటర్లు. ఆ హద్దు లోపల, థ్రాటిల్ పూర్తిగా పైకి ఉన్నప్పుడు సరిగ్గా కోసేలా బండిని తయారుచేస్తారు. సగంలో పెడితే బ్లేడు గడ్డిని కోయదు, బాదుతుంది. ఇంజనుకి గాలి కొట్టే ఫ్యానూ నెమ్మదిస్తుంది. నెమ్మదిగా పోవాలంటే బండి వేగం తగ్గించాలి గానీ థ్రాటిల్ కాదు. గడ్డి మరీ పెరిగిపోతే డెక్ పైకెత్తి ఒకసారి, దించి ఇంకోసారి. ఒక్క కోతలో మూడోవంతు కంటే ఎక్కువ తీయకపోతే గడ్డికీ మంచిది, ఇంజనుకీ మంచిది.

ఇంజన్ నుంచి బ్లేడ్లని తిప్పే బెల్టు సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. 2023లో ఇంజన్ గొంతు ఏమాత్రం మారకుండా, కోత మాత్రం చారలు చారలుగా మిగిలింది. ఇంజన్ గొంతు దిగుతోందంటే దానికి బరువైనా ఎక్కువవుతోంది, తిండైనా తక్కువవుతోంది. గొంతు నిక్షేపంగా ఉండి కోత చెడిందంటే బెల్టు జారుతోంది. రబ్బరు కాలిన వాసన కూడా వచ్చింది. మామూలు హార్డ్‌వేర్ షాపు బెల్టు కొలత సరిపోయింది కదా అని వేస్తే ఒక్క సీజనే వచ్చింది. డెక్‌కి కెవ్లార్ అనే గట్టి దారం ఉన్నదే వేయాలి.

2024 వసంతంలో వచ్చింది మాత్రం నన్ను నిజంగా భయపెట్టింది. తాళం తిప్పితే స్టార్టర్ సగం తిరిగి, గోడకి గుద్దుకున్నట్టు ఆగిపోయేది. బ్యాటరీ అనుకుని కొత్తది కొన్నాను. మారలేదు. ఎలాగోలా స్టార్టయినా, నలభై నిమిషాలకి ఇంజన్ సెగలు కక్కుతూ నీరసించేది, ఏదో మాడిన వాసన. ఇక ఇంజన్ పోయిందనే అనుకున్నాను. పై రేకు విప్పితే, సిలిండర్ చుట్టూ గాలి తగలాల్సిన రెక్కల మధ్య ఎలుక గూడు. ఎండు గడ్డి, షెడ్డు గోడల్లోంచి లాగిన పీచు, రెండు ఓక్ గింజలు. చలికాలమంతా సకుటుంబంగా కాపురం చేసినట్టుంది. గాలితో చల్లబడాల్సిన ఇంజనుకి దుప్పటి కప్పితే ఇంకేమవుతుంది?

గూడు తీసేశాక వేడి తగ్గింది గానీ స్టార్టర్ మొరాయింపు పోలేదు. దానికి కారణం వాల్వ్ గ్యాప్, అంటే వాల్వుకీ దాన్ని నొక్కే మీటకీ మధ్య ఉండే సందు. ఈ ఇంజన్లలో స్టార్టయ్యేటప్పుడు ఒక వాల్వ్‌ని కాస్త తెరిచి ఉంచి ఒత్తిడి తగ్గించే ఏర్పాటుంది. గ్యాప్ ఎక్కువైతే అది పనిచేయదు, స్టార్టర్ మొత్తం ఒత్తిడితో కుస్తీ పడుతుంది. వాల్వులు తెరుచుకోవాల్సినంత తెరుచుకోక సత్తువా కొంత తగ్గుతుంది. నా మాన్యువల్ ప్రకారం లోపలికి పీల్చే ఇంటేక్ వాల్వుకి 0.003 నుంచి 0.005 అంగుళాలు, పొగ వదిలే ఎగ్జాస్ట్ వాల్వుకి 0.005 నుంచి 0.007. నాది రెండూ రెట్టింపు పైన ఉన్నాయి. చల్లటి ఇంజన్ మీద, సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి, కొత్త గ్యాస్కెట్‌తో సహా రెండు గంటల పని. కొత్త బ్యాటరీ డబ్బులు మాత్రం దండగ. పాతదాన్ని పిల్లాడి సైన్స్ ప్రాజెక్టుకిచ్చాను.

పెట్రోలు గురించి ఒక్క మాట. ఇక్కడ బంకుల్లో 88 అని చవగ్గా కనిపించేది 15 శాతం ఇథనాల్ కలిపింది. అది ఈ ఇంజన్లకి పనికిరాదు, 10 శాతం దాకే ఒప్పుకుంటారు. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. చలికాలమంతా ట్యాంకులో ఉంచితే ఏప్రిల్‌లో కార్బురేటర్ జెట్ మూసుకుపోయి మొరాయిస్తుంది. మాకు లేనియర్ సరస్సు దగ్గర పడవల కోసం ఇథనాల్ కలపని పెట్రోలు దొరుకుతుంది. సీజన్‌లో చివరి రెండు కోతలూ దాంతో చేసి, పెట్రోలు పాడవకుండా స్టెబిలైజర్ కలిపి పెట్టేస్తాను.

మరి కొనొచ్చా అంటే, ఎకరం, ఎకరంన్నర దాకా, వాలు మరీ నిటారుగా లేకపోతే, పానా పట్టుకోవడానికి మీకు మొహమాటం లేకపోతే, కొనొచ్చు. ఆరేళ్లలో సామాన్ల ఖర్చు 400 డాలర్లు దాటలేదు, అందులో సగం నా తొందరపాటు జరిమానా. రెండెకరాలు దాటితే ఈ రకం వద్దు, డెక్ రేకు పల్చన, 42 అంగుళాలు చాలవు. ప్రతిదానికీ షాపుకి పంపేవాళ్లయితే గడ్డి కోసేవాళ్లని పెట్టుకోవడమే నయం, ఏప్రిల్‌లో షాపులో మన వంతు ఎప్పుడొస్తుందో చెప్పలేం.

మొన్న తొలి కోతలో ఎడమ స్పిండిల్ సన్నగా కూత పెట్టింది. నాన్నకి వాట్సాప్‌లో ఆ శబ్దం రికార్డు చేసి పంపితే, బేరింగు పోయింది, కోత ఆపు అని నిమిషంలో జవాబొచ్చింది. శనివారం మార్చాలి.